చోడి మఫిన్ల మీద రూబీ వేలు

నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి పోండి. తిత్లీ తుఫానులో ఎగిరిపోతున్న రేకుల షెడ్డుని ఒంటిచేత్తో పట్టి ఆపినవాణ్ణి, నాకు అబద్ధమాడే అవసరమేమిటి? ఆమదాలవలసలో మా పక్కింటి దానమ్మ కుక్కర్లో ఇసక పోసి, విజిలు తీసేసి కాల్చే చోడిపిండి (మీరు రాగిపిండంటారు) మఫిన్ల వాసన పలాస దాకా పోయేది. ఆ వాసనకి రైళ్లు ఆగిపోయి, సిగ్నలు పడలేదని వంక పెట్టేవి.

ఆ ఇంట్లోకి గోధుమ రాదు. రూబీ వల్ల.

రూబీ దానమ్మ పెద్దకూతురు. తల్లి చపాతీ పిండి కలిపితే చాలు, పరుగున వచ్చి ముద్ద నడిమధ్యన చూపుడువేలు గుచ్చి పారిపోయేది. ఆ పిల్లకి తరచూ కడుపు చెడేది. కడుపు చెడిన పిల్లకి మనమేం పెడతాం? పాలూ బ్రెడ్డూ. దానమ్మా అదే పెట్టింది. చెడినకొద్దీ ఇంకా పెట్టింది. తరిగి తరిగి పిల్ల ఆరో ఏట పోయింది. తర్వాత చంటాడు బెన్హర్‌కీ అదే కడుపునొప్పి మొదలైతే, విశాఖపట్నంలో డాక్టరమ్మ చెప్పింది, ఇలాంటి కడుపులకి గోధుమే విషమని.

"నా సేత్తోనే మావా," అంది దానమ్మ నాతో. "పాలల్లో ముంచి, మెత్తగా పిసికి మరీ పెట్టినాను."



క్రిస్మస్‌కి బెన్హర్ కేకు కోసం ఏడిస్తే, దానమ్మ ఫోన్లో చూసి మఫిన్లు నేర్చుకుంది. చోడిపిండి, బాగా మగ్గిన అరటిపళ్లు, పెరుగు, బెల్లం, కోకో, పైన చాక్లెట్ ముక్కలు. ఎంత నీరసపు కడుపైనా ఒప్పుకుంటుంది. మొదటి వాయి మూత తీసేసరికి ప్రతిదాని నడిమధ్యా చిన్న వేలి నొక్కు ఉంది.

"అక్కొచ్చినాదిరా," అని వాడికొకటి అందించింది. వాడు ఆ నొక్కులో తన వేలు పెట్టి చూసుకున్నాడు. వదులుగా ఉంది. తినేశాడు.

ఆ తర్వాత దానమ్మ మఫిన్లు అమ్మడం మొదలెట్టింది. కొనుక్కునేవాళ్లు కూడా, తీపి సరిపోయిందా అని అడిగినట్టే, వేలు పడ్డాదా అని అడిగేవారు.

ఒక ఏడాది క్రిస్మస్ ముందు వాయి దింపితే అన్నీ నున్నగా ఉన్నాయి. ఒక్కదాని మీదా నొక్కు లేదు.

"అమ్మా, ఆకలేస్తన్నాది," అని బెన్హర్ ఒకటి తీసి నోటి దాకా తీసుకెళ్లాడు. దానమ్మ లాగేసుకుంది. వాడి ఏడుపు వినిపించుకోకుండా పళ్ళెం పట్టుకుని గున్నమ్మ పిండిమరకి నడిచింది. వెనకే నేను.

"గున్నమ్మప్పా, నా సోళ్ల ముందు ఏటి ఆడించినావు?"

"ఏటీ నేదే. మర తుడిసే పోసినాను. ఇంత మంచి సరుకట్టుకుని ఏటే నీ గోల?"

"మా రూబీ ముట్టుకోనేదు."

గున్నమ్మ పళ్ళెం కేసి చూసింది. మర ఆపి, రాళ్ల సందులో వేలు పెట్టి గీరింది. గోటికి తెల్లటి పిండి అంటుకుంది. పొద్దున్నే పెళ్ళివారి గోధుమలు ఆడించి మరిచిపోయింది.

"ఓలమ్మా," అని చతికిలబడింది. "గుంటడు తిన్నాడేటే?"

"నేదు."

దానమ్మ ఆ వాయంతా కాకులు కూడా ముట్టకుండా పెరట్లో పాతేసింది. మట్టి కప్పుతూ అంది: "బతికున్నప్పుడు గోధుమ ముద్దే కదా మావా గుచ్చేది. ఇప్పుడు దానికీ తెలిసినాది."

గున్నమ్మ చోళ్లకని వేరే చిన్న మర పెట్టింది. బెన్హర్ బుగ్గలు నిండాయి. మొదట వదులుగా ఉన్న నొక్కు వాడి వేలికి ఒక ఏడాది సరిగ్గా సరిపోయింది. మొన్న క్రిస్మస్‌కి వేలు పట్టలేదు.

"అమ్మా, అక్క వేలు సిన్నదైపోనాదేటి?"

"నువ్వు పెద్దోడివైపోనావురా," అని దానమ్మ మొహం కుక్కరు వైపు తిప్పుకుంది.

ఏం, నమ్మకం కుదరలేదా? చోళ్ల మరలో గోధుమ గింజ పడనివ్వకుండా ఇప్పటికీ కాపలా కూర్చుంటుంది, పోయి అడగండి. పేరు గున్నమ్మ.