డ్రమ్ములో తుమ్ము

రహస్యాలు దాచడంలో మా ఇంట్లో నన్ను మించినవాళ్ళు లేరని చాలాకాలం నమ్మాను. తక్కువ మాట్లాడేవాళ్ళకు ఉండే భ్రమ ఇది. నోరు మూసుకుంటే లోపలున్నదంతా లోపలే ఉండిపోతుందనుకుంటాం. ముక్కు సంగతి మర్చిపోతాం.

మా నాన్న బస్సు డ్రైవరు. పనిరోజుల్లో లోకాన్నంతా మోసి, సెలవు రోజున ఇంటి వెనక షెడ్డులో దూరి చెక్కపని చేసుకుంటాడు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. మొట్టమొదట నానమ్మకు ఒక పీట చేశాడు. అది మూడు కాళ్ళమీద నిలబడి నాలుగో కాలు గాల్లో పెట్టుకునేది. నానమ్మ దానికి కుంటిగుర్రమని పేరు పెట్టింది. తర్వాత తర్వాత నాన్న చెయ్యి తిరిగింది. అలమర చేశాడు, అద్దానికి చట్రం చేశాడు. అవి చూసి మా మేనత్త తన కొత్తింటికి పెద్ద భోజనాల బల్ల కావాలంది. చెల్లెలు అడిగితే నాన్న ఊ అనకుండా ఉండలేడు. ఊ అన్నాకగానీ ఆ బల్లకు ఎన్ని పలకలు పడతాయో ఆయనకు తట్టలేదు.

షెడ్డులో నాన్నకు సహాయం నేనే. నాకు ఆ చోటు ఎందుకంత ఇష్టమో చెప్పాలి. మా ఇంటికి ఎవరొచ్చినా నన్ను చూసి, "ఏమ్మా, మాట్లాడవేం?" అంటారు. దానికి జవాబేమిటో నాకిప్పటికీ తెలియదు. మాట్లాడతానంటే అబద్ధం, ఊరుకుంటే వాళ్ళన్నదే నిజమవుతుంది. షెడ్డులో ఆ బాధ లేదు. రంపం మిషను తిరుగుతుంటే ఎంత వాగుడుకాయకైనా నోటితో పనిలేదు. నాన్న చెయ్యి చాపితే టేపు అందిస్తాను. కనుబొమ్మ ఎగరేస్తే పలక రెండో కొస పట్టుకుంటాను. నేను తెలివైనదాన్నని నాకే అనిపించే చోటు ఈ భూమ్మీద అదొక్కటే.

చిక్కల్లా ఒకటే. చెక్కపొడి నా ముక్కుకు పడదు.

ముఖ్యంగా పలకల్ని నున్న చేసే శాండర్ మిషను ఆడినప్పుడు లేచే పొడి, ముఖానికి రాసుకునే పౌడరులా ఉంటుంది. అది తగిలిందంటే నాకు తుమ్ములు బారులు తీరతాయి. ఒకటి వచ్చి ఆగిపోతే జలుబని సరిపెట్టుకోవచ్చు. నావి అలా కాదు, పెళ్ళివారిలా మందగా వస్తాయి. ఒకసారి నా కళ్ళు ఎర్రబడటం చూసి అమ్మ నాన్నతో అంది, "దానికి పడకపోతే లోపలికి రానివ్వకండి. బుద్ధిగా కూర్చుని చదువుకుంటుంది." కంట్లో నలక పడిందని చెప్పి ఆ పూటకు తప్పించుకున్నాను. అప్పట్నుంచీ నా ముక్కు నా రహస్యం.

షెడ్డు వెనక నీళ్ళ డ్రమ్ము ఒకటి పక్కకు దొర్లి ఉండేది. ఇంటికి కుళాయి వచ్చాక దాని మొహం చూసినవాళ్ళు లేరు. ముక్కు దురదపెట్టగానే, "పొట్టు పారబోసి వస్తా నాన్నా" అని బుట్ట పట్టుకుని బయటికి వెళ్ళేదాన్ని. ఆ డ్రమ్ములో తలదూర్చి తనివితీరా తుమ్మి, మొహం తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు తిరిగొచ్చేదాన్ని. అంత పెద్ద డ్రమ్ము నా తుమ్ములన్నీ మింగేస్తుందని నా ధీమా. సైన్సులో నాకు మంచి మార్కులు వస్తాయి. ఆ మాట ఇక్కడ రాయడానికి సిగ్గుగానే ఉంది.

నాన్న దాచుకున్నది ఒక్క మిషనుకు సరిపోతుందని తేలిన రోజున, భోజనాల దగ్గర పెద్ద చర్చ జరిగింది.

"ప్లేనర్ కొంటాను" అన్నాడు నాన్న. గరుకు పలకను ఒక పక్క దూరిస్తే రెండో పక్క నుంచి నున్నగా, అంతా ఒకే మందంతో బయటికొచ్చే మిషను అది. "చేత్తో చిత్రిక పడుతూ కూర్చుంటే, మా చెల్లెలు మనవల్ని ఎత్తుకునేదాకా నేలమీదే తినాలి."

"తింటే ఏం? మేమంతా నేలమీద తినే ఇంతవాళ్ళమయ్యాం" అంది నానమ్మ.

నేను గొంతు సవరించుకున్నాను. "దుమ్ము మిషను కొందాం నాన్నా." డస్ట్ కలెక్టర్ అనే ఆ మిషనుకు ఒక పెద్ద ఫ్యాను, లావుపాటి గొట్టం, మనిషంత సంచీ ఉంటాయి. రంపం దగ్గర, శాండర్ దగ్గర పొడి లేవగానే లాగేసి సంచీలో వేసుకుంటుంది. "అమ్మ ఆరేసిన బట్టలమీద పొడి పడుతోంది పాపం."

అమ్మ గరిటె ఆపి నావైపు చూసింది. "నా బట్టలమీద నీకు ఎప్పట్నుంచే అంత ప్రేమ? ఒక్కనాడైనా తీసి మడతపెట్టావా?"

"నానమ్మ కళ్ళజోడు మీద కూడా పడుతోంది."

"నా కళ్ళజోడు జోలికి రాకే మౌనమునీ! దానిమీద కాస్త దుమ్ముంటేనే నాకు సుఖం. మీ మొహాలు మరీ స్పష్టంగా కనపడవు."

ముగ్గురూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని నవ్వారు. నానమ్మ జోకుకే అనుకుని నేనూ నవ్వాను.

"సరే, కొట్టుకెళ్ళి రెండూ చూద్దాం. నువ్వూ రా" అన్నాడు నాన్న.

ఆ కొట్టతను చెవిమీద పెన్సిలు పెట్టుకుని, మిషన్ల గురించి పెళ్ళికొడుకుల గురించి చెప్పినట్టు చెప్పేవాడు. "వీడికి వంకపెట్టలేరు సార్" అని ఒక ప్లేనర్ వీపు తట్టాడు. "నెమ్మదస్తుడు. ఏం పెట్టినా వద్దనడు."

"అరుస్తాడా?" అన్నాడు నాన్న.

"పని చేసేవాడు కాస్త అరుస్తాడు సార్. ఊరికే కూర్చుని అరిచేవాళ్ళను చూడట్లేదూ మనం?" నాన్న నవ్వేశాడు. అతను నావైపు తిరిగి, "ఏమ్మా, మాట్లాడవేం?" అన్నాడు. నేను గోడకున్న స్విచ్చులు చూస్తూ నిలబడ్డాను.

దుమ్ము మిషన్లు రెండు రకాలు చూపించాడు. ఒకటి భారీది, పలచటి గుడ్డ సంచీతో. రెండోది చిన్నది, దళసరి సంచీతో. "పెద్దదాన్ని చూసి మోసపోకండి సార్. దాని సంచీ పెద్ద పొట్టును ఆపుతుంది గానీ సన్నపొడిని మళ్ళీ గదిలోకే ఊదేస్తుంది. ముక్కుల్లో దూరేది ఆ సన్నదే. దాన్ని ఈ దళసరి సంచీ బాగా ఆపుతుంది."

"శాండర్ పొడిని కూడానా?" అని అడిగాడు నాన్న. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు. ప్లేనర్ కొనే మనిషికి ఇంత ఆరా ఎందుకో నాకు అర్థంకాలేదు.

తర్వాత ప్లేనర్ ఆడించి చూపిస్తానన్నాడు కొట్టతను. ఒక బరువైన పలక నాన్న చేతికిచ్చి, "ఇలా ఎత్తి దూర్చండి సార్" అన్నాడు. నాన్న రెండు చేతులా ఎత్తాడు. పలక ఛాతీ దాకా వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి ఉన్నట్టుండి వాలిపోయింది. పలక నేలకు తగిలింది. ముందే అనుకున్నట్టు దాన్ని ఎడమచేతికి మార్చుకుని, "చెక్క మంచి బరువే" అన్నాడు. పెదాలు బిగించాడు. అది నేను చూశాను.

అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పొద్దున్నే అద్దం ముందు నాన్న ఎడమచేత్తో తల దువ్వుకోవడం. పై అరలోని ఉలి తీయమని నాకే చెప్పడం. చిత్రిక పడుతూ మధ్యలో ఆగి, చెక్కనేదో పరీక్షిస్తున్నట్టు నిలబడిపోవడం. ఆయన పక్కనే ఉండి అన్నీ చూస్తూ కూడా నాకేమీ కనపడలేదు. నా ముక్కు అడ్డమొచ్చి ఉంటుంది.

ప్లేనర్ గర్రుమంది. పలక అవతలికి నున్నగా వచ్చింది. పొట్టు మాత్రం నాలుగువైపులా చిమ్మింది. మిషను ఆగగానే నేను నోరు తెరిచాను.

"ఇదే కొందాం నాన్నా."

కొట్టతను అదిరిపడ్డాడు. "అమ్మాయి మాట్లాడుతుందే!"

"ఇందాకటిదాకా దుమ్ము మిషనన్నావు కదే?" అన్నాడు నాన్న.

"బట్టలదేముంది, మళ్ళీ ఉతుక్కోవచ్చు. నీ భుజం..." అంతవరకే అనగలిగాను. ముక్కు దురదపెట్టింది. చుట్టూ చూశాను. ఒక స్తంభం, మెట్లు, అద్దాల తలుపు. దూరడానికి ఎక్కడా చోటులేదు. మొదటిది ఆపాను. రెండోది మొదటిదాన్ని కూడా వెంటబెట్టుకుని వచ్చింది. ఆ తర్వాతవి లెక్కపెట్టే స్థితిలో లేను. కొట్లో ఉన్నవాళ్ళందరూ తలలు తిప్పారు.

నాన్న చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. "కానీ అమ్మడూ, కానీ. ఇక్కడ డ్రమ్ము లేదుగా, ఏం చేస్తాం!"

ఒక తుమ్ము సగంలో ఆగిపోయింది. "నీకు... తెలుసా?"

"నాకొక్కడికేనా? డ్రమ్ములో తుమ్మితే వీధి వీధంతా వినపడదూ! మూలింటి మాస్టారు మొదట్లో లారీ టైరు పేలిందనుకున్నాడట. ఎన్ని తుమ్ములోనని మీ నానమ్మ, పక్కింటి పిన్నిగారు రోజూ పందేలు కాస్తున్నారు. నీ బాధ ఎప్పటికైనా నువ్వే నోరు తెరిచి చెప్తావని నానమ్మ పెద్ద పందెం."

నేలలోకి కుంగిపోవాలనిపించింది. నేను మింగించాననుకున్న తుమ్ముల్ని ఆ డ్రమ్ము ఇంటింటికీ పంచిపెట్టిందన్నమాట. "మరి ఎవరూ అడగలేదేం?"

"నువ్వే చెప్తావని చూశాం. నువ్వేమో అమ్మ బట్టలంటావు, నానమ్మ కళ్ళజోడంటావు. ఊళ్ళో అందరి మీదా జాలిపడ్డావు, నీ ముక్కు మాట తప్ప."

"చెప్తే షెడ్డులోకి రానివ్వరుగా" అన్నాను. ఆ మాట నాకే సరిగా వినపడలేదు. నాన్నకు మాత్రం వినపడింది. కట్టుకున్న చేతులు విప్పేశాడు.

నాకు ఎక్కడ్నుంచో ధైర్యం వచ్చింది. "నీ భుజం సంగతి నువ్వు చెప్పావా?"

నాన్న తలగోక్కున్నాడు, ఎడమచేత్తో. కొట్టతను మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "రెండు మిషన్లూ తీసుకోండి సార్. ఇంటిల్లిపాదీ బాగుపడతారు" అన్నాడు.

నాన్న కాసేపు ప్లేనర్ వైపు చూశాడు. ఎంత మనసుపడ్డాడో నాకు తెలుసు. తర్వాత వెనక్కి తిరిగి, "దుమ్ము మిషను కట్టండి. దళసరి సంచీది" అన్నాడు.

"వద్దు నాన్నా, నీ భుజం..."

"చిత్రిక పట్టడానికి ఇంట్లో ఇంకో రెండు చేతులున్నాయి. మంచి వయసులో ఉన్నవే. ముక్కు అలా కాదు, ఒకళ్ళ బదులు ఇంకొకళ్ళు తుమ్మలేరు."

ఆ రెండు చేతులూ ఎవరివో అర్థంకావడానికి నాకు ఇంటికెళ్ళేదాకా పట్టింది. ప్లేనర్ కొనమని వాదించి, చివరికి నేనే ప్లేనర్‌నయ్యాను.

మిషను బిగించేటప్పుడు, సంచీ మూతికి పట్టీ బిగించే పని నాది. బిగించాననే అనుకున్నాను. షెడ్డులో పొట్టంతా ఊడ్చి కుప్పచేసి, గొట్టం దగ్గర పెట్టి, నాన్న స్విచ్చు వేశాడు. కుప్ప క్షణంలో మాయమైంది. మేం చప్పట్లు కొట్టేలోపల సంచీ ఊడి ఎగిరిపోయింది. పొడంతా తలుపులోంచి పెరట్లోకి, తిన్నగా అమ్మ ఆరేసిన బట్టలమీదికి వెళ్ళింది. నేను దొంగజాలి చూపించిన బట్టలు అవే.

నానమ్మ గుమ్మంలో నిలబడి కళ్ళజోడు తుడుచుకుంది. "దుమ్ము మింగుతుందన్నారు. ఇదేమిట్రా, కక్కుతోంది?"

నేను అలవాటుకొద్దీ డ్రమ్ము దగ్గరికి పరిగెత్తాను. అది నిటారుగా నిలబెట్టి ఉంది, నిండా నీళ్ళతో. అమ్మ తీగమీది దుప్పటి దులుపుతూ, "ఇంక దానికేం పని? మొక్కలకు పనికొస్తుందని నింపాను" అంది. చేసేదిలేక అందరి ఎదుటా తుమ్మాను. పక్కింటి గోడ అవతల ఎవరో లెక్కపెడుతున్నారు.

పట్టీ బిగించాక మిషను చక్కగా పనిచేసింది. శాండర్ ఆడినా ఎప్పుడో ఒక తుమ్ము, అదీ జలుబని చెప్పుకునే రకం. అమ్మ మాత్రం నాన్నను వదల్లేదు. భుజాన్ని డాక్టరుకు చూపించింది. ఆయన కొన్నాళ్ళు బరువులెత్తొద్దని చెప్పాడు. అందుకని నాన్న కుంటిగుర్రం మీద కూర్చుని, భుజంమీద వేడినీళ్ళ సంచీ పెట్టుకుని, నాకు చిత్రిక నేర్పడం మొదలుపెట్టాడు.

"గీరకే, తొయ్యి. నడుముతో తొయ్యి. చెక్కకు దణ్ణం పెడుతున్నావేమిటి?"

చిత్రిక రెండడుగులు వెళ్ళి మొరాయించేది. తొయ్యగా తొయ్యగా, పొట్టు ఉంగరాలు తిరుగుతూ లేచింది. నాన్న ఒక ఉంగరం తీసి వెలుగుకు పట్టి చూసి, చొక్కా జేబులో వేసుకున్నాడు. నేను మురిసిపోయి ఇంకా గట్టిగా తోశాను. ఆ రోజు పూర్తయిన పలక ఒకటే. పారుతున్న కాలువలా ఉంది. బల్లకు అడుగువైపు వేద్దామన్నాడు నాన్న.

మర్నాడు బడికి తయారవుతూ అద్దం ముందు నిలబడ్డాను. కుడిచెయ్యి పైకి లేవలేదు. దువ్వెన ఎడమచేతికి మార్చుకున్నాను. అద్దంలో నా వెనక అమ్మ మొహం కనపడింది.

"ఏమైందే చేతికి?"

ఏంలేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని అక్కడే ఆపడం తుమ్మును ఆపినంత కష్టమైంది.

"నొప్పిగా ఉందమ్మా. బాగా" అన్నాను. "అయినా షెడ్డుకు వెళ్తాను."

అమ్మ నా చేతిలోంచి దువ్వెన తీసుకుని జడ వేయడం మొదలుపెట్టింది. పెరట్లోంచి, గోడ అవతలి పిన్నిగారికి కేకేస్తున్న నానమ్మ గొంతు వినిపించింది.

"వదినా! నోరు తెరిచి చెప్పిందమ్మా! పందెం నాది!"