ఇద్దరికీ ఒకటే దుప్పటి

నేను ఒక పలచని దుప్పటిని. ఎమ్మిగనూరులో ఒక మగ్గం మీద పుట్టాను. ఎండాకాలానికి పనికొస్తుందని నన్ను నేసినాయన సన్న నూలు తీసుకున్నాడు, వెడల్పు మాత్రం తగ్గించలేదు. తెల్లటి ఒళ్ళు, అంచున నీలం గీత. మగ్గం మీంచి దించి మడతపెట్టి చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన భార్యతో "ఉందా లేదా అన్నట్టుంది సూడు" అన్నాడు. దాన్ని నేను పొగడ్త అనుకున్నాను. అంగడికి వెళ్ళాకే తెలిసింది, మనుషులకి అది తిట్టని.

మనుషులు దుప్పటిని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి కొంటారు. మెడ మీద చెమట తుడుచుకుంటూ ఎండలో పడి వస్తారు, వచ్చి మందంగా ఉన్నది చూపించమంటారు. నన్ను నలిపి "ఇదేంది, జల్లెడ మాదిరుంది" అని అవతల పారేసేవాళ్ళు. అంగడాయన నన్ను అడుగుకీ, మళ్ళీ పైకీ మార్చి మార్చి విసిగిపోయాడు. చివరికి ఒకామె వచ్చింది. నలపలేదు. మడత విప్పి, వాకిలి వైపు ఎత్తి, నాలోంచి వీధిని చూసింది. "గాలి ఆడతాది" అని కొనుక్కుంది. ఆమె పేరు ఉరుకుందమ్మ.

ఆమె భర్త బసలింగప్ప బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రాత్రి సర్వీసులే. ఆయన ఇల్లు చేరేసరికి ఆమె పనిలో ఉండేది, ఆమె పడక వేసుకునేసరికి ఆయన సంచి తగిలించుకుని డిపోకి నడిచేవాడు. ఒక్క కూతుర్ని ఆదోనిలో ఇచ్చారు. రిటైరయ్యాక ఇద్దరూ ఒకే ఇంట్లో కొత్తగా అద్దెకు దిగిన రెండు కుటుంబాల్లాగా మసిలేవారు. "తింటావా?" "తింటా." అంతటితో మాటలు అయిపోయేవి. ఆయన వసారాలో నులకమంచం మీద, ఆమె లోపల ఫ్యాను కింద. నేను ట్రంకుపెట్టెలో, మందపాటి దుప్పట్ల అడుగున.

ఏటా ఉగాదికి ఆ ఊరి నుంచి జనం శ్రీశైలానికి నడిచిపోతారు. ఎండ ముదిరే కాలం. కర్నూలు దాటి, ఆత్మకూరు దాటి, నల్లమల అడవిలో కొండలెక్కి దిగి మల్లన్న దగ్గరికి చేరుకోవాలి. ఒక ఏడు ఆలుమగలిద్దరూ బయల్దేరారు. నడుం నొప్పి మనిషి కాబట్టి బసలింగప్ప దూదిపరుపు చుట్టి భుజాన వేసుకున్నాడు, పైన కంబళి, దాని పైన తలగడ. గుంపులో అందరికంటే ముందు నడవాలని పంతం పట్టాడు. అడవి మొదట్లో వెంకటాపురం దగ్గర మోకాలు వాచి కూలబడ్డాడు. పరుపుతో సహా బస్సెక్కి వెనక్కి వచ్చేశాడు. ఉరుకుందమ్మ గుంపుతో కలిసి పోయి వచ్చింది. వచ్చాక వీధిలో ఆడవాళ్ళు ఆమె చుట్టూ చేరి అడవి కబుర్లు అడుగుతుంటే ఆయన పేపరు అడ్డం పెట్టుకుని కూర్చునేవాడట.

మరుసటి ఏడు శివరాత్రి పోగానే ఆయన చెప్పాడు. "ఈ తూరి నడిచి తీరతా. బరువు మాత్రం మొయ్యను."

ఇక ఆ ఇంట్లో పడకల పరీక్ష మొదలైంది. మొదట ఈత చాప. తేలికే గానీ సంకలో పెట్టుకుని సందులో తిరిగి చూస్తే, మలుపు దగ్గర పాలామె కంట్లో పొడవబోయింది. తర్వాత కంబళి. దాన్ని కప్పుకుని మధ్యాహ్నం వసారాలో పడుకుని, లేచి బావి దగ్గరికి పరుగెత్తాడు. తర్వాత అల్లుడు ఆదోని నుంచి గాలిపరుపు పంపాడు. మడిస్తే చేతిసంచిలో పడుతుంది. బసలింగప్ప దాన్ని నోటితో ఊదాడు. ఊది ఊది కళ్ళు బైటికొచ్చాయి. పెరట్లో పరిచి దర్జాగా ఒరిగాడు. కింద తుమ్మ ముల్లు ఉంది. ఆ పరుపు చాలాసేపు నిట్టూర్చి ఆయన్ని మెల్లగా నేలకి దించేసింది.

గోడవతల నుంచి నవ్వులు వినిపించాయి. ఉరుకుందమ్మ నవ్వలేదు. లోపలికి పోయి, ట్రంకుపెట్టె అడుగు నుంచి నన్ను లాగి తెచ్చి ఆయన ఒళ్ళో పడేసింది.

"ఇది చాలు."

ఆయన నన్ను అరచేతిలో ఎగరేసి చూశాడు. "బరువే లేదే! నాకిది సరే, మరి నీకు?"

"ఇద్దరికీ ఇదే. ఎడల్పుంది గదా."

ఆయన చాలాసేపు నా నీలం అంచు తడుముతూ కూర్చున్నాడు. ఇద్దరికి ఒక దుప్పటి సరిపోతుందా? ఆ లెక్క వాళ్ళింట్లో ఎప్పుడూ రాలేదు.

గుంపుతో బయల్దేరాం. పొద్దున్నే నడక, ఎండెక్కితే ఏ చెట్టు కిందో మజిలీ, చల్లబడ్డాక మళ్ళీ నడక. మొదట్లో నా మీద ఆయన ఈ అంచున, ఆమె ఆ అంచున, మధ్యలో ఇంకో మనిషి పట్టేంత చోటు. బస్సులో సీటు పంచుకున్న పరాయివాళ్ళలా పడుకునేవారు. పొడుగాటి కర్రకాళ్ళు కట్టుకుని నడిచే కన్నడ కుర్రాళ్ళు మమ్మల్ని దాటిపోతుంటే బసలింగప్ప గొణిగాడు, "ఉన్న కాళ్ళతోనే నేను చస్తాంటే!" ఆమె నవ్వింది. ఆ నవ్వు విని ఆయన తల తిప్పి చూశాడు.

వెంకటాపురం చేరేసరికి మోకాలు మళ్ళీ వాచింది. గుంపు ఆగలేదు. చింతచెట్టు కింద నన్ను పరిచి ఆయన కాలు చాపుకున్నాడు. అవతల జీపులవాళ్ళు ఆత్మకూరు, ఆత్మకూరు అని అరుస్తున్నారు.

"నాకు చాతకాదు ఉరుకుందా. నేను పోతా. నువ్వు వాళ్ళని అందుకో. దుప్పటి నువ్వే తీస్కపో."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, అడవి వైపు చూస్తూ అంది.

"పోయినేడు నువ్వు బస్సెక్కి పోయినావు. ఆడ గుడి ముందర అందరూ జంటలు జంటలుగా టెంకాయ కొడతాంటే, నేనేం చేసినానో తెల్సునా? వాళ్ళ చెప్పులకి కాపలా కూచున్న. ఒంటిదానివి గదా, నువ్వు సూస్కో అక్కా అని అందరూ నా ముందర ఇడిచిపోయిరి."

"నాకు చెప్పలేదే?"

"నువ్వు అడిగినావా?"

ఆయన తల దించుకుని నా అంచులోంచి ఒక దారప్పోగు లాగుతూ ఉండిపోయాడు. ఆ పోగు ఇప్పటికీ నాకు లోటే. కానీ ఆ నిమిషంలో ఆయనకి పట్టుకోవడానికి ఇంకేమీ లేదు.

కొంచెం దూరంలో, ఎండలో, రాతి మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. చేతిలో కర్ర తప్ప ఇంకేమీ లేదు. రాయచూరు వైపు నుంచి వచ్చిందట. ఆమె గుంపులో వాళ్ళు బరువెందుకని ఆమె మూట అందుకుని ముందుకు సాగారు, ఆమె వెనకబడింది. "అవ్వా, ఈ నీడకి రా, పండుకుందువు" అని ఉరుకుందమ్మ పిలిచింది. అవ్వ లేచింది, నాలుగడుగులు వేసింది, అలాగే కూలిపోయింది.

జనం మూగారు. ఒకరు విభూతి పెట్టమన్నారు, ఒకరు శివ శివా అన్నారు, అందరూ కలిసి ఆమెకి గాలి రాకుండా అడ్డం నిలబడ్డారు. అప్పుడు నా మీంచి ఒక గొంతు లేచింది. నేను దాన్ని ఎప్పుడూ విని ఉండలేదు.

"జరగండి! ఎనక్కి జరగండి! ఆ ఎర్రతువ్వాలాయనా, నీకే చెప్పేది, జరుగు! నీళ్ళు ఎవరి దగ్గరున్నాయి?"

కిక్కిరిసిన బస్సుని ఈ చివర నుంచి ఆ చివరకి కదిలించిన గొంతు అది. జనం నోరు మూసుకుని జరిగారు. బసలింగప్ప నన్ను లాక్కుని కుంటుతూ నీళ్ళ తొట్టి దగ్గరికి పోయి ముంచాడు, అవ్వని నీడకి చేర్పించి నన్ను ఆమె ఒంటి నిండా కప్పాడు. ఉరుకుందమ్మ తువ్వాలుతో విసిరింది. నేను ఆరిపోగానే ఆయన మళ్ళీ తడిపి తెచ్చేవాడు. మందపాటి దుప్పటైతే ఒళ్ళు ఉడికిపోయేది. నాలోంచి గాలి ఆడింది. ఆమె ఒంట్లో సెగ మెల్లగా దిగడం నాకు తెలిసింది. కాసేపటికి కళ్ళు తెరిచింది. ఉప్పు వేసిన మజ్జిగ కొంచెం కొంచెంగా తాగింది. వైద్య శిబిరం నుంచి వచ్చిన నర్సమ్మ చూసి, ఈ పూటంతా పడుకోవాలనీ, వెనక్కి పోవడమే మేలనీ, పోనంటే మాత్రం ఎండెక్కకముందు తప్ప నడవకూడదనీ గట్టిగా చెప్పి వెళ్ళింది.

"నేను ఎనక్కి పోను" అంది అవ్వ. తర్వాత బసలింగప్ప మోకాలి వైపు చూసింది. "అప్పా, నువ్వు ఎప్పుడు బయల్దేరతావు? నీ యెంట వస్తా. పిలగాళ్ళతో నాకు కుదరదు. నువ్వు కుంటుతాండావు, నీతో అయితే నేను నడవగలను."

ఉరుకుందమ్మ చటుక్కున మొహం అటు తిప్పుకుంది. నవ్వు ఆపుకోలేక ఆమె భుజాలు కదులుతున్నాయి. బసలింగప్ప జీపుల వైపు చూశాడు, అవ్వ వైపు చూశాడు.

"తెల్లారి పోదాం లే అవ్వా" అన్నాడు.

అవ్వ నడక ఎంత నెమ్మదంటే, సీతాకోకచిలుకలు కూడా మమ్మల్ని దాటేసి, మళ్ళీ వెనక్కి వచ్చి చూసిపోయేవి. ఆ నడక ఆయన మోకాలికి సరిగ్గా కుదిరింది. పంతం పట్టడానికి ముందెవరూ లేరు, అందరూ ఎప్పుడో వెళ్ళిపోయారు. పొద్దున కాస్త, సాయంత్రం కాస్త. మధ్యాహ్నం చెట్టు కింద అవ్వ నా మీద ఒక పక్కన పడుకుంటే, ఆలుమగలకి మిగిలిన చోటు తక్కువ. వాళ్ళు సర్దుకున్నారు. చోటు లేదు కాబట్టి దగ్గరయ్యారు, దగ్గరయ్యారు కాబట్టి మాట్లాడుకున్నారు. బస్సులో కాన్పు అయిన తల్లి గురించీ, టికెట్ అడిగితే పద్యం పాడిన ముసలాయన గురించీ ఆయన చెబుతుంటే అవ్వ ఊ కొట్టేది.

"ఇయ్యన్నీ నాకెప్పుడూ చెప్పలేదేం?" అంది ఉరుకుందమ్మ.

"నువ్వు మేలుకోని ఉన్నప్పుడు నేను యాడున్న్యా?"

భీముని కొలను దగ్గర లోయలోకి దిగి మళ్ళీ నిటారుగా ఎక్కాలి. అక్కడ మటుకు ఉరుకుందమ్మ నోరే ఇద్దరినీ ఎక్కించింది. "కూచున్న్యారంటే ఇద్దర్నీ ఈడనే ఇడిచిపెట్టి పోతా! ఆ మెట్టు ఎక్కు. అవ్వా, నువ్వు గూడా. ఈ ముసిలోళ్ళని నా నెత్తిన పెట్టినాడు మల్లన్న!" తిడుతూనే ఒకరి చెయ్యి వదిలి ఇంకొకరి చెయ్యి పట్టుకునేది. పైకి చేరాక ఆయన ఆయాసంతో ఏడ్చాడో నవ్వాడో నాకు తెలియలేదు. నన్ను మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, నేను తడిశాను.

గుడి ముందు ఇద్దరూ ఒకే టెంకాయ మీద చెయ్యి వేసి కొట్టారు. అవ్వ వాళ్ళ చెప్పులు చూసుకుంటూ కూర్చుంది, ఎవరూ చెప్పకుండానే.

దర్శనం అయ్యాక మధ్యాహ్నం సత్రం వరండాలో అవ్వని నా మీద పడుకోబెట్టారు. వెంటనే నిద్రపోయింది. బసలింగప్ప పోయి అవ్వ ఇక్కడుందని మైకులో చెప్పించాడు. గుంపుతో ముందే చేరిన అవ్వ మనవడు తిప్పన్న పరుగెత్తుకుంటూ వచ్చి, ఏడుస్తూ ఆయన కాళ్ళకి దణ్ణం పెట్టాడు. బస్సు వేళైంది.

"దుప్పటి?" అన్నాడు బసలింగప్ప నెమ్మదిగా.

"లేపితే ఉలిక్కిపడతాది. ఉండనీ" అంది ఉరుకుందమ్మ. వంగి, జారిన నా కొసని అవ్వ పాదాల మీదికి సర్దింది. నాకు అందిన ఆఖరి స్పర్శ అది. ఇద్దరూ జనంలోకి నడిచారు. ఆయన చెయ్యి ఊపుతూ ఏదో చెబుతున్నాడు, ఆమె మధ్యలో అడ్డుపడి ఏదో అడుగుతోంది. కనిపించినంత దూరం వాళ్ళ మాటలు ఆగలేదు.

అవ్వ లేచి వెతికింది. వాళ్ళ పేర్లు ఎప్పుడూ అడగలేదు, అన్నాళ్ళూ అప్పా, అమ్మా అని పిలవడంతోనే సరిపోయింది. బస్సుకి వెళ్ళిపోయారని తిప్పన్న చెబితే నమ్మలేదు. "వాళ్ళు మనుషులు గాదురా. ఆయప్పకి ఏ ఊరికి ఏ బస్సు పోతాదో అన్నీ తెలుసు. మనిషన్నోడికి అన్నీ తెలుస్తాయా?"

అలా నేను రాయచూరు దగ్గర ఒక పల్లెలో దేవుడి గూట్లోకి ఎక్కాను. మల్లన్న, భ్రమరాంబ పరిచి పోయిన దుప్పటినట. నాకు పసుపు, కుంకుమ, సోమవారాలు సాంబ్రాణి. వచ్చినవాళ్ళు నన్ను కళ్ళకద్దుకునేవారు. గురక పెట్టే దేవుణ్ణి, తుమ్మ ముల్లు మీద పడుకున్న దేవుణ్ణి నేనెరుగుదును. చెప్పడానికి నోరు లేదు, ఉన్నా చెప్పేదాన్ని కాదేమో. మర్యాద బాగానే ఉంది. కాకపోతే నా మీద ఎవరూ పడుకోవడం లేదు. మడతల్లో ఒళ్ళు పట్టేసింది.

ఈ ఉగాదికి తిప్పన్న భార్య చెన్నమ్మ మొదటిసారి నడకకి సిద్ధమైంది. ఇంట్లో మళ్ళీ పడకల గొడవ. అది బరువు, ఇది ఉక్క. అవ్వ లేచి వచ్చి గూట్లోంచి నన్ను తీసింది.

"అవ్వా! అది దేవుడి దుప్పటి. నేల మీద పరుస్తారా?" అంది చెన్నమ్మ భయంగా.

"ఆయమ్మ నన్ను దీని మీద పండుకోబెట్టింది. పూజ చెయ్యమని ఇయ్యలేదు. తీస్కపో, గాలి ఆడతాది."

నన్ను దులిపారు. కుంకుమ రాలిపోయింది. చెన్నమ్మ నన్ను చుట్టి భుజాన వేసుకుంది. వీధి చివర గుంపు పిలుస్తోంది. అవ్వ గడప దాకా వచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"దారిలో వాళ్ళిద్దరూ కనపడితే, నేను బాగున్న్యానని చెప్పు."

"ఎట్లుంటారవ్వా వాళ్ళు?"

అవ్వ ఆమె భుజం మీద నన్ను సర్దింది.

"ఆయప్ప కొంచెం కుంటుతాడు. ఆయమ్మ తిడతా ఉంటాది. సులువుగానే గుర్తుపడతావు లే."