పన్నెండు మిల్లీవోల్టులు

...అయినా పన్నెండు మిల్లీవోల్టులు ఎక్కడికి పోతాయి, గోడలు మింగేస్తాయా అనుకుంటూ అతను స్పాంజి మీద నాలుగు చుక్కల నీళ్ళు పోశాడు. ఆ స్పాంజి అతనిది కాదు. రేకు అడ్డగోడకు అవతల కూర్చుని సోల్డరింగ్ చేసే అక్కది; వేడి ఐరన్ మొన తుడుచుకోవడానికి పెట్టుకుంది. నాలుగు నెలల కిందట, ఒంట్లో బాగోలేక సెలవు మీద వెళ్తూ, "ఎండనివ్వకు తమ్ముడూ. నెల తిరక్కుండా వచ్చేస్తాగా," అంది.

ఇవతల అతని బల్ల. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. మూడు కాళ్ళ నల్లటి సెన్సార్లను ఒక్కొక్కటే బిగించి మీటరు చూడడం, మంచివి ఒక డబ్బాలో, చెడ్డవి మరో డబ్బాలో వెయ్యడం. మిరియపు గింజ కన్నా కాస్త పెద్దవి. డిగ్రీ వేడికి పది మిల్లీవోల్టులు చెబుతాయి, అంతకు మించి వాటికి మాటలు రావు. అతనికీ పెద్దగా రావు. ఫ్యాక్టరీలో అందరికీ డిగ్రీల బాబాయి.

తక్కినవాటిని పోల్చి చూసుకునే సెన్సారొకటి ఆ రేకుకే అంటించి ఉంటుంది. పదకొండేళ్ళ కిందట అమర్చిన రోజున అది గోడమీది పాదరసం థర్మామీటరు కన్నా పన్నెండు మిల్లీవోల్టులు ఎక్కువ చూపింది. "నీ బిడ్డకి జ్వరమొచ్చినట్టుంది, తడిగుడ్డ వెయ్యి," అని అక్క అవతలినుంచి నవ్వింది. పుట్టుకతో వచ్చిన తప్పేలే అనుకుని అతను సవరించే చిన్న స్క్రూ తిప్పి ఆ పన్నెండూ తీసేశాడు. ఆమె వెళ్ళిన మర్నాటి నుంచి అది సరిగ్గా అంతే తక్కువ చూపుతోంది.

ఆ ఉదయం కొత్త ఇంజనీరమ్మాయి బల్ల దగ్గర ఆగింది.

"బాబాయ్, ఇది ముసలిదైపోయింది. సాయంత్రంలోగా దారికి రాకపోతే పీకేద్దాం."

"సెన్సారునా, నన్నా?"

"ముందు సెన్సారుని!" అని నవ్వుతూ వెళ్ళిపోయింది.

స్క్రూ తిప్పితే రెండు నిమిషాల పని. అతను తిప్పలేదు. వారం కిందట రేకుమీద చెయ్యి ఆనితే చల్లగా తగిలింది. అప్పుడే అనుమానం వచ్చింది. ఇప్పుడు తిప్పేస్తే, అక్క ఇక రాదని తన చేత్తో తానే రాసిచ్చినట్టు.

అందరూ భోజనాలకు వెళ్ళాక అతను అవతలికి వెళ్ళి, ఆమె కుర్చీలో కూర్చోకుండా, వంగి ఐరన్ స్విచ్చి వేశాడు. తిరిగొచ్చి మీటరు ముందు కూర్చున్నాడు. క్యారేజీ మూత తియ్యలేదు. రెండువందల యాభై ఎనిమిది. అరవై ఒకటి. అరవై ఐదు. పాత సోల్డరు వాసన రేకు పైనుంచి దిగింది. రెండువందల డెబ్బై దగ్గర అంకె నిలిచింది. గోడమీద ఇరవై ఏడు డిగ్రీలు.

పదకొండేళ్ళు అవతలినుంచి వచ్చిన వెచ్చదనాన్ని తప్పు కింద కట్టి రోజూ తీసేస్తూ వచ్చాడన్నమాట. చలికాలంలో అదే రేకుకు చేతులు ఆనించి కాచుకుంటున్నా అతనికి ఎన్నడూ తట్టలేదు.

"అరే, దారికొచ్చిందే! ఏం చేశారు బాబాయ్?" భోజనం నుంచి వచ్చిన ఇంజనీరమ్మాయి మీటరు చూసి అడిగింది.

"పక్కింటి పొయ్యి వెలిగించానమ్మా."

"రోజూ వెలిగిస్తూ కూర్చుంటారా?"

"ఆవిడ వచ్చేదాకా."

ఆ అమ్మాయి నవ్వబోయి ఊరుకుంది.

నాలుగింటికి సూపర్‌వైజరు వచ్చి, బల్ల అంచును గోటితో గీస్తూ నిలబడ్డాడు.

"ఆవిడ కొడుకు ఫోన్ చేశాడయ్యా. పోయిందట."

"అవస్థ పడిందా?"

"లేదట. నిద్రలోనే."

అతను తల ఊపి, చేతిలో ఉన్న సెన్సారును మంచివాటి డబ్బాలో వేశాడు. లేచి అవతలికి వెళ్ళి స్విచ్చి ఆపాడు. తిరిగొచ్చి, రేకు చల్లారేదాకా మీటరు ముందు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. అంకెలు తొందరేమీ లేకుండా దిగాయి. యాభై ఎనిమిది దగ్గర కదలిక ఆగాక, సన్న స్క్రూడ్రైవరు తీసి తిప్పాడు. డెబ్బై.

అవతలి బల్లమీద, పొద్దున పోసిన నీళ్ళకు స్పాంజి ఇంకా తడిగానే ఉంది.