కాలు నిలవని ఇల్లు

నాగేందర్ మిలిటరీలో బండ్లు బాగుచేసే విభాగంలో పదిహేడేండ్లు పనిచేసి, హవల్దారుగా రిటైరై అచ్చంపేటకు వచ్చాడు. బస్టాండు దగ్గర షెడ్డు వేసి, ‘జవాన్ ఆటో వర్క్స్’ అని బోర్డు రాయించాడు. లేహ్ చలికి గడ్డకట్టిన డీజిల్‌ను కరిగించి లారీలు కదిలించిన మనిషికి ఇక్కడి బైకులు, ట్రాక్టర్లు ఒక లెక్క కాదు. చుట్టుపక్కల ఊళ్లలో మంచి పేరే వచ్చింది. పేరైతే వచ్చింది గానీ, మనిషికి కాలు నిలవలేదు.

చేతిలో బండి ఉన్నంతసేపు బాగానే ఉండేవాడు. అది స్టార్టయి రోడ్డెక్కిందంటే చాలు, లోపల ఏదో మొదలయ్యేది. పానాలన్నీ గోడ మీంచి తీసి వేరే వరసలో తగిలించేవాడు. మళ్లీ తీసేవాడు. బయటికి వచ్చి, పోయే బస్సుల బోర్డులు చదువుతూ నిలబడేవాడు. షెడ్డును అప్పటికే బస్టాండు దగ్గర్నుంచి మార్కెట్ యార్డుకు, అక్కణ్నుంచి ఉప్పునుంతల పోయే రోడ్డు మీదికి మార్చాడు. మిలిటరీలో ఎవరో ఒకరు పోస్టింగు మార్చేవాళ్లు, ఇప్పుడు వీడే మార్చుకుంటున్నాడని తల్లి బక్కమ్మ అనేది.

ఒకనాడు మిలిటరీలో తనతో పనిచేసిన ఎల్లస్వామి ఫోన్ చేశాడు. చౌటుప్పల్‌లో హైవే పక్కన షెడ్డు ఖాళీగా ఉందట, ఇద్దరం కలిసి నడుపుదామన్నాడు. నాగేందర్ మర్నాడే పోయి చూశాడు. ఫ్యాక్టరీలకు వచ్చే ట్యాంకర్లు, ఎక్కడెక్కడి రాష్ట్రాల నంబర్లున్న లారీలు, హిందీ మాట్లాడే డ్రైవర్లు. పాత ప్రాణం లేచివచ్చినట్టయింది. అక్కడికక్కడే మాట ఇచ్చేశాడు.

ఇంటికొచ్చి, అన్నం తింటూ చెప్పాడు. భార్య స్వర్ణ బాలికల హాస్టల్లో వంట చేస్తుంది, కూతురు మనీష కాలేజీకి పోతుంది. స్వర్ణ కూర వడ్డించడం ఆపలేదు.

“నువ్ పో. మేం రాం. మనీషది ఇంటర్ నడుస్తాంది.”

“నేను లేకుంటే ఎట్లుంటరు?”

“ఇన్నేండ్లు ఎట్లున్నమో గట్లనే.”

గొడవ పడుతుందనుకుని జవాబులు సిద్ధం చేసుకున్నాడు. అవేవీ అవసరం పడలేదు. అదే అతనికి ముల్లులా గుచ్చుకుంది.

చౌటుప్పల్‌లో మొదట్లో హుషారుగానే గడిచింది. పోనుపోను కొత్త తిప్పలు వచ్చిపడ్డాయి. లారీ కింద పడుకుని గేరుబాక్సు విప్పుతుంటే, ఈ బండి రేపు ఏ ఊళ్లో ఉంటుందో అన్న ఆలోచన వచ్చేది. అన్నీ పోతున్నాయి, తాను మాత్రం వాటి కింద మట్టిలో పడి ఉన్నాడు. అద్దెకున్న గదిలో షిఫ్టులకు పోయే ఫ్యాక్టరీ కుర్రాళ్లు ఒకరు లేస్తుంటే ఒకరు పడుకునేవాళ్లు. ఎల్లస్వామి ఏ మాటన్నా నాగేందర్ విసుక్కునేవాడు. చివరికి ఒక ఆదివారం పొద్దున, చేతులు కూడా సరిగ్గా కడుక్కోకుండా, ఎవరికీ చెప్పకుండా బస్సెక్కాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరేసరికి బక్కమ్మ వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది.

“ఎన్ని రోజుల సెలవు కొడుకా?” అంది.

మనీష లోపలి నుంచి నీళ్లు తెచ్చిచ్చింది. “ఎప్పుడు పోతవ్ బాపూ?” అని మామూలుగా అడిగింది. అందులో కోపమూ లేదు, బాధా లేదు. అతని బట్టలుండే అలమారలో ఆమె పుస్తకాలు సర్దుకుంది. అతని మంచం మీద అప్పడాలు ఎండుతున్నాయి.

“మీ అమ్మ ఏది?”

మనీష నాయనమ్మ వైపు చూసింది. బక్కమ్మే చెప్పింది. “బస్సెక్కి పోయింది.”

“ఏడికి?”

“ఏమో. ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయినకాడికెల్లి సెలవు దొరికితే పోతది. పొద్దుగూకే యాళ్లకొస్తది.”

నాగేందర్‌కు కూర్చోవాలనిపించలేదు. బస్టాండుకు పోయి అటూ ఇటూ తిరిగాడు. టీ తాగాడు. కొల్లాపూర్ బస్సులోంచి స్వర్ణ దిగేసరికి ఎండ పూర్తిగా దిగిపోయింది. ముఖం కమిలి ఉంది, చెప్పులకు ఇసుక. అతన్ని చూసి ఆగింది గానీ తడబడలేదు.

“ఏడికి పోయినవ్?”

“సోమశిలకు. కృష్ణ చూసొచ్చిన.”

“ఆడ మనోళ్లు ఎవలున్నరు?”

“ఎవలు లేరు. నీళ్లున్నయి.”

“నాకొక మాట చెప్పొద్దా?”

“నువ్ చౌటుప్పల్ పోతా అని నన్నడిగి మాటిచ్చినవా?”

ఇద్దరూ బస్టాండు అరుగు మీద కూర్చున్నారు. స్వర్ణ సంచిలోంచి జామకాయ తీసి కొరికింది.

“జోధ్‌పూర్ల క్వార్టర్ ఇస్తరు, తీస్కపోతనన్నవ్. అటెన్క పఠాన్‌కోట్ అన్నవ్. ఎప్పుడడిగినా వచ్చే పోస్టింగ్‌కు అంటివి. అమ్మను ఎవలు చూస్తరు అంటివి. నేను పెట్టె సర్దుడు, మళ్లీ తీసుడు. నీకొక్కనికే కాళ్లున్నయనుకున్నవా?”

భార్య ఇల్లు కనిపెట్టుకుని ఉంటుందన్న ధైర్యంతోనే నాగేందర్ దేశమంతా తిరిగాడు. ఆమెకు కూడా ఇట్లా ఉంటుందని ఒక్కనాడూ అనుకోలేదు. సిగ్గుతో పాటు, వింతగా, కొంచెం తేలిక కూడా అనిపించింది. అదేదో రోగం తనకొక్కడికే ఉందని ఇన్నాళ్లూ అనుకున్నాడు.

“ఈసారి పోతే నేనూ వస్త,” అన్నాడు.

“నీకు టికెట్ పడుతది,” అంది స్వర్ణ.

వానలు పడేలోపు ఎల్లస్వామికి చెప్పి చౌటుప్పల్ వదిలి వచ్చేశాడు. ఎల్లస్వామి కొంతకాలం మాట్లాడలేదు. ఉప్పునుంతల రోడ్డు మీద షెడ్డు మళ్లీ తెరుచుకుంది. కుదురు వచ్చిందా అంటే రాలేదు. పని లేనప్పుడు ఇప్పటికీ రోడ్డు మీదికి వచ్చి నిలబడతాడు. కాకపోతే బోర్డులు చదివి, ఇంటికి పోయి స్వర్ణకు చెబుతాడు.

ఆమెకు సెలవు దొరికిన రోజు ముందొచ్చిన బస్సు ఎక్కారు. అది దేవరకొండ బస్సు. కిటికీ సీటు స్వర్ణ తీసుకుంది. డిండి దాటాక ఇంజను చప్పుడులో తేడా పట్టి, డ్రైవర్‌కు చెబుదామని నాగేందర్ లేవబోయాడు. ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

“నడుస్తాంది గదా. నడవనీ.”

దేవరకొండలో దిగుతుండగానే ఫోన్ మోగింది. ట్రాక్టరు ఆగిపోయిందని ఎవరో రైతు. షెడ్డుకు ఎప్పుడొస్తావని అడుగుతున్నాడు. నాగేందర్ తల తిప్పి చూసేసరికి స్వర్ణ అప్పటికే నల్లగొండ బస్సు మెట్టు మీద నిలబడి ఉంది, వస్తావా రావా అన్నట్టు.

“రేపు పొద్దుగాల్ల వస్త పటేలా,” అని ఫోన్ పెట్టేసి, అతను బస్సు వైపు పరుగెత్తాడు.