ఇల్నార్ ఒక మెట్టు దిగిన ఏడాది

మా మంచు హాకీ లీగ్‌ని అందరూ నేలమాళిగ అంటారు. పై అంతస్తులో పెద్ద లీగ్, కింద మేము. గనుల ఊరు మాది, రుద్నోయె. మా జట్టులో ఆడేవాళ్ళు రెండు రకాలు. పైకి వెళ్ళాలని చూస్తున్న కుర్రాళ్ళు, పైనుంచి దిగివచ్చిన పెద్దవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఈ జట్టుకి కోచ్‌ని నేనే. నేలమాళిగ అన్నప్పుడల్లా మొదట్లో నాకు కోపం వచ్చేది. పోనుపోను అలవాటైపోయింది.

నవంబరులో ఒక మంగళవారం పొద్దున నా గదిలో జావ తాగుతున్నాను. తలుపు తట్టి ఒకావిడ లోపలికి వచ్చింది. నలభై అయిదేళ్ళు ఉంటాయి. బూట్లకి మంచు అంటుకుని ఉంది, భుజాన పెద్ద సంచి.

"వదీమ్ యెగోరోవిచ్ మీరేనా?"

"నేనేనమ్మా. కూర్చోండి."

"నా పేరు రిమ్మా ఖలీలోవ్నా. ఇల్నార్ గబీతోవ్ వాళ్ళమ్మని."

చెంచా కింద పెట్టేశాను. ఉరల్ కొండల ఈ పక్క హాకీ చూసేవాళ్ళలో ఆ పేరు తెలియనివాళ్ళు లేరు. పద్దెనిమిదేళ్ళ ఫార్వర్డ్. కిందటి వేసవిలో సముద్రం అవతలి క్లబ్ ఒకటి కుర్రాళ్ళని ఎంచుకున్నప్పుడు వీడి పేరు కూడా పిలిచింది. అంతలోనే మా రాష్ట్ర రాజధానిలోని పెద్ద లీగ్ జట్టు వాడిని తీసుకుంది. అలాంటివాడి తల్లి అయిదు గంటలు బస్సులో కూర్చుని మా నేలమాళిగకి ఎందుకు వచ్చినట్టు?

ఆవిడ సంచిలోంచి గళ్ళ కాగితాల పుస్తకం ఒకటి తీసింది. గొట్టాల ఫ్యాక్టరీలో ఏ పనికి ఎంతసేపు పట్టాలో నిలబడి కొలిచి రాయడం ఆవిడ ఉద్యోగం. కార్మికులు తనని చాటుగా సెకనమ్మ అంటారని ఆవిడే చెప్పింది, నవ్వకుండా.

"పదకొండు మ్యాచ్‌లు అయ్యాయి. అన్నిటికీ వెళ్ళాను. మొత్తం కలిపి వాడు మంచు మీద ఉన్నది ముప్ఫై నాలుగు నిమిషాలు. మొన్న శుక్రవారం అయితే ఒక నిమిషం యాభై రెండు సెకన్లు. మా ఇంట్లో గుడ్డు ఉడకడానికి కూడా అంతకంటే ఎక్కువే పడుతుంది."

"పెద్దవాళ్ళతో ప్రాక్టీసు చేయడమే ఒక బడి అంటారు కదమ్మా" అన్నాను మాటవరసకి.

"వాళ్ళ కోచ్ కూడా అదే అన్నాడు. ఒడ్డున కూర్చుంటే ఈత వస్తుందాండీ?"

ఆవిడ ఇంకో పేజీ తిప్పింది.

"ఏజెంటేమో కెనడా పంపెయ్యమంటున్నాడు, అక్కడి కుర్రాళ్ళ లీగ్‌కి. రోజూ ఆడతాడు, భాష వస్తుంది, రేపు తీసుకోబోయేవాళ్ళ కళ్ళముందే ఉంటాడు అంటాడు. ఆయన చెప్పిందీ తప్పు కాదు, అందుకే రాసుకున్నాను. కానీ అక్కడ ఆడేది ఎవరండీ? పదహారేళ్ళ నుంచి ఇరవై దాకా. కుర్రాళ్ళతో మావాడు పన్నెండేళ్ళుగా ఆడుతూనే ఉన్నాడు. రేపు వాడికి ఎదురయ్యేది ముప్ఫై ఏళ్ళ మగాళ్ళు. వాళ్ళ భుజం తగిలితే ఎలా ఉంటుందో వాడికి తెలీదు."

నేను కిటికీలోంచి బయటికి చూశాను. తొంభైల్లో అందరూ పరుగులు తీసిన రోజుల్లో నేనూ పందొమ్మిదేళ్ళకే సముద్రం దాటాను. భాష రాదు, మగాళ్ళతో ఆడింది లేదు. రెండేళ్ళకి ఒక పాడైన మోకాలు, నలభై ఇంగ్లీషు ముక్కలు వెంటబెట్టుకుని తిరిగొచ్చాను. నా విషయంలో ఇలా పుస్తకం తెరిచి ఆలోచించినవాళ్ళు ఎవరూ లేరు. ఇదంతా ఆవిడకి చెప్పలేదు.

"ఇక్కడికి వస్తే వాణ్ణి కిందికి తోసేశారని పేపర్లో రాస్తారమ్మా."

"రాయనివ్వండి. మీ దగ్గర ఎన్ని నిమిషాలు దొరుకుతాయి?"

"ఆడితే పద్దెనిమిది. ఒళ్ళు దాచుకుంటే నేనూ కూర్చోబెడతాను."

ఆవిడ పుస్తకం మూసేసింది. "నాకు కావలసింది ఈ మాటేనండీ."

పెద్ద జట్టు వాళ్ళని ఆవిడ ఎలా ఒప్పించిందో నాకు తెలియదు. పది రోజుల తర్వాత ఇల్నార్ మా స్టేడియం పక్కనున్న ఆటగాళ్ళ హాస్టల్లో దిగాడు. తల మీద టోపీ కళ్ళదాకా లాక్కుని, శిక్ష పడ్డవాడిలా వచ్చాడు. ఎవరితోనూ పలకలేదు. తల్లి ఫోన్ చేస్తే "ఊఁ", "ఆఁ" తప్ప మూడో మాట లేదు.

మొదటి మ్యాచ్ ఇంకో గనుల ఊళ్ళో. అవతలి జట్టులో గడ్డం నెరిసిన డిఫెండర్ ఒకడున్నాడు. మొదటి ఇరవై నిమిషాల్లోనే మావాడిని నాలుగుసార్లు అంచు గోడకి అతికించాడు. విరామంలో ఇల్నార్ స్టిక్ విసిరికొట్టి బెంచీ మీద కూలబడ్డాడు. ఎదురుగా జఖార్ లుష్నికోవ్ కూర్చుని స్కేట్ల తాళ్ళు బిగించుకుంటున్నాడు. జఖార్ మా డిఫెండర్. ముప్ఫై ఆరేళ్ళు, ముందు పళ్ళు రెండు లేవు, ముగ్గురు ఆడపిల్లల తండ్రి. పెద్ద లీగ్‌లో ఏడేళ్ళు ఆడి దిగివచ్చాడు. కుర్రాళ్ళందరికీ బాబాయ్.

"ఏరా, ఆ ముసలాయన నీకేమైనా మేనమామా? పదేపదే వెళ్ళి కౌగిలించుకుంటున్నావ్?"

అందరూ నవ్వారు. ఇల్నార్ ముఖం కందిపోయింది.

"మా అమ్మ వల్ల ఇక్కడొచ్చి పడ్డాను" అన్నాడు.

"పడ్డమాట నిజమే. నాలుగుసార్లు పడ్డావు. అందులో మీ అమ్మ తప్పేం లేదు."

ఆ మ్యాచ్ అయిదు ఒకటితో ఓడిపోయాం. అయినా వాడిని పదహారు నిమిషాలు ఆడించాను. మర్నాడు వాడే నా గదికి వచ్చాడు.

"కోచ్ గారూ, అంత చెత్తగా ఆడినా నన్నెందుకు తీసెయ్యలేదు?"

"చెత్తగా ఆడటానికి కూడా మంచు మీద చోటు ఉండాలి కదరా. పైన నీకు ఆ చోటు కూడా లేదు."

ఆ రోజు ప్రాక్టీసు అయ్యాక అందరూ స్నానాలకి వెళ్ళినా వాడు మాత్రం మంచు దిగలేదు. జఖార్ చూసి, మళ్ళీ హెల్మెట్ పెట్టుకుని వాడి దగ్గరికి వెళ్ళాడు.

"నా దగ్గర్నించి పక్ తీసుకో చూద్దాం."

మూలన గోడ దగ్గర జఖార్ వాడికి వీపు తిప్పి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. పక్, అంటే మేం ఆడే రబ్బరు బిళ్ళ, ఆయన కాళ్ళ ముందు, కుర్రాడు ఆయన వెనక. ఎటునుంచి వచ్చినా ఆ నడుమే అడ్డం. అప్పట్నుంచి రోజూ ఇరవై నిమిషాలు అదే పని. మూడు వారాల దాకా వాడికి పక్ దొరకలేదు. డిసెంబరు మధ్యలో ఒక రోజు దొరికింది. జఖార్ వాడిని ఏమీ అనలేదు. నా దగ్గరికి వచ్చి మాత్రం మెల్లిగా చెప్పాడు.

"వదీమ్, ఆ పిల్లాడికి కాస్త ఎక్కువ పెట్టించు. ఇంకో ఆరు కిలోలు పెరిగాడంటే నా ఉద్యోగం పోతుంది."

బస్సు ప్రయాణాలు మాకు తొమ్మిదేసి గంటలు. అద్దాలు లోపలివైపు కూడా మంచు కట్టేవి. పెద్దవాళ్ళు నడుం నొప్పులకి మందులూ పిల్లల జ్వరాలూ మాట్లాడుకునేవాళ్ళు. దారిలో మాంసం కూరిన పెల్మెనీ ఉండలు తినడానికి ఆగితే జఖార్ గిన్నె ఒళ్ళో పెట్టుకుని, ఫోన్లో రెండో కూతురికి లెక్కలు చెప్పేవాడు. ఇల్నార్ ఇవన్నీ చూసేవాడు. వీళ్ళు ఓడిపోయి దిగివచ్చినవాళ్ళు అనుకున్నాడు మొదట్లో. విరిగిన వేలికి పట్టీ చుట్టుకుని ఆఖరిదైన మూడో పీరియడ్‌లో షాట్‌కి అడ్డంపడే మనిషి గురించి ఆ మాట ఎక్కువరోజులు అనుకోలేం.

రిమ్మా ఖలీలోవ్నా రెండు శనివారాలకోసారి వచ్చేది. బంగాళాదుంప, మాంసం పెట్టి కాల్చిన మూడుమూలల పిండివంట గుడ్డలో చుట్టి వేడిగా ఉండగానే తెచ్చేది. మావాళ్ళు మ్యాచ్‌కంటే దానికోసమే ఎక్కువ ఎదురుచూసేవాళ్ళేమో. ఆరో వరసలో కూర్చుని రాసుకునేది. పదహారు, పదిహేడు, పందొమ్మిది. కొడుకుతో ఆట గురించి ఒక్క మాట మాట్లాడేది కాదు.

"సరిగ్గా తింటున్నావా నాన్నా?"

"తింటున్నానమ్మా."

"చెవులు కప్పుకో."

అంతే. కాని జనవరి చివరికి వాడు ఆవిడని బస్‌స్టాండు దాకా దిగబెట్టి రావడం మొదలుపెట్టాడు.

ఫిబ్రవరి ఆఖరివారంలో పెద్ద జట్టు నుంచి కబురొచ్చింది. వాళ్ళకి ప్లేఆఫ్ మొదలవుతోంది, ఇల్నార్ సోమవారానికల్లా వచ్చెయ్యాలి. పిలవడానికి వాళ్ళకి హక్కుంది. మా ప్లేఆఫ్ కూడా అదే వారం. నేను వాడిని పిలిచి చెప్పాను.

"వెళితే ఆడతానా?" అన్నాడు.

"ఆ మాట నేను చెప్పలేను. ఆయన్నే అడుగు."

అక్కడికక్కడే, నా ఎదురుగానే ఫోన్ చేశాడు. స్పీకర్ నొక్కి ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఆ పెద్ద కోచ్ కఠినుడే కాని అబద్ధం చెప్పే మనిషి కాదు.

"నువ్వు పదిహేనో ఫార్వర్డ్‌వి. ఎవరికైనా దెబ్బ తగిలితే ఆడతావు" అన్నాడాయన.

"అయితే నన్ను ఇక్కడే ఉండనివ్వండి. వీళ్ళ ఆటలు అయ్యేదాకా."



"పైకి రమ్మంటే కింద ఉంటానంటావేంటయ్యా?"

"కింద కాదండీ. ఇక్కడ."

ఆయన నవ్వాడు. "సరే, ఉండు. అయ్యాక వచ్చి కనబడు."

నేను లేచి కిటికీ సర్దే నెపంతో అటు తిరిగాను. అన్నేళ్ళలో నా ముందు ఎవరూ మా ఊరి గురించి అలాంటి మాట అనలేదు.

మర్నాడు పొద్దున్నే మొదటి బస్సులో రిమ్మా ఖలీలోవ్నా దిగింది. పిలుపు సంగతి ఆవిడకి తెలిసింది, జవాబు సంగతి తెలియదు. వస్తూనే సంచిలోంచి కాగితాలు తీసింది.

"వదీమ్ యెగోరోవిచ్, వాళ్ళతో నేను మాట్లాడతాను. అయిదు పేజీలు రాసుకొచ్చాను."

"అక్కర్లేదమ్మా. వాడే మాట్లాడేశాడు."

జరిగింది చెప్పాను. ఆవిడ తలకి కట్టుకున్న శాలువా విప్పి ఒళ్ళో పెట్టుకుని మడతపెట్టింది. మళ్ళీ విప్పి మళ్ళీ మడతపెట్టింది.

"వాడే అడిగాడా?"

"వాడే."

"గొంతు వణికిందా?"

"వణికింది. అయినా అడిగాడు."

"అయిదు పేజీలండీ" అని నవ్వింది. ఆ నవ్వులోనే కళ్ళు తుడుచుకుంది. ఆ కాగితాలు నాకే ఇచ్చి వెళ్ళింది. ఇప్పటికీ నా సొరుగులో ఉన్నాయి.

మొదటి రౌండు దాటాం. రెండో రౌండులో మాకంటే గట్టి జట్టుతో చెరి మూడు గెలిచి, ఆఖరిదైన ఏడో మ్యాచ్ దాకా వెళ్ళాం, అదీ మా ఊళ్ళోనే. మా స్టేడియంలో రెండువేల చిల్లర కుర్చీలు. ఆ రోజు మెట్ల మీద కూడా జనమే, గనిలో పని దిగి దుస్తులైనా మార్చుకోకుండా వచ్చినవాళ్ళు. మూడో పీరియడ్‌లో చెరొక గోల్‌తో ఉండగా పక్ గోడవారగా ఇల్నార్‌కి దొరికింది. వాళ్ళ డిఫెండర్లు ఇద్దరు మీదపడ్డారు. వాడు వీపు తిప్పి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడిపోయాడు. తోశారు, గుద్దారు, కదల్లేదు. జఖార్ ముందుకు వచ్చేదాకా అలాగే కాపాడి వెనక్కి నెట్టాడు. జఖార్ కొట్టిన దెబ్బకి పక్ గోల్‌కీపర్ భుజం మీదుగా వలలో పడింది.

గెలవలేదు మేము. చివర్లో వాళ్ళు సమం చేసి, అదనపు సమయంలో ఇంకోటి వేశారు. కాని ఎవరూ ఇళ్ళకి వెళ్ళలేదు. నిలబడి చప్పట్లు కొడుతూనే ఉన్నారు. మాది ఓడిపోయిన జట్టని వాళ్ళకి ఎవరూ చెప్పనట్టే ఉంది. జఖార్‌కి అదే ఆఖరి మ్యాచ్. మంచు దిగేముందు ఇల్నార్ హెల్మెట్ మీద చెయ్యి వేశాడు.

"ఇంక పైకి పోరా. నీకు నేర్పడానికి నా దగ్గరేం మిగల్లేదు."

"ఇంకో ఏడాది ఉంటాను బాబాయ్."

"ఉంటే తంతాను."

వెళ్ళాడు. పెద్ద జట్టులో రెండేళ్ళు, బెంచీ మీద కాదు, మంచు మీద. ఇరవై ఒకటో ఏట సముద్రం దాటాడు. ఇదంతా తను వేసిన దారే అని ఏజెంటు టీవీలో చెప్పాడు. మాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. ఇప్పుడు నాకు ఎక్కడెక్కడి తండ్రులో ఫోన్ చేసి, మావాణ్ణి కెనడా పంపాలా, ఇక్కడ ఉంచాలా అని అడుగుతుంటారు. పదిహేడేళ్ళకే వెళ్ళి బాగుపడినవాళ్ళూ నాకు తెలుసు. మీవాణ్ణి తీసుకురండి, మంచు మీద చూడకుండా ఏం చెప్పను అంటాను.

వాడు సముద్రం దాటిన ఏడు అక్టోబరులో అక్కడి మొదటి మ్యాచ్ మాకు తెల్లవారి ఆరింటికి వచ్చింది. మా క్యాంటీన్ గాల్యా ముందుగానే తలుపు తీసి టీకి సమోవార్ పెట్టింది. జట్టంతా కోట్లతోనే కూర్చుని చూశాం. పదమూడు నిమిషాలు ఆడాడు, గోల్ లేదు. ఎవడూ వాణ్ణి పడగొట్టలేకపోయాడు. ఒకచోట వాడు ఇంతకుముందు ఆడిన జట్ల పేర్లు తెర మీద వేశారు. మూడోది మా ఊరు. అక్షరాలు అటూ ఇటూ అయ్యాయి.

"తప్పు రాశారు" అన్నాడు జఖార్. ఇప్పుడు నా సహాయ కోచ్ ఆయనే. "అయితేనేం, రాశారు."

మ్యాచ్ అయ్యాక రిమ్మా ఖలీలోవ్నా ఫోన్ చేసింది.

"చూశారా?"

"అందరం చూశాం."

తర్వాత ఆవిడే అంది. "శనివారం మీ మ్యాచ్ ఉంది కదా, వస్తున్నాను."

"వాడిక్కడ లేడు కదమ్మా, అయిదు గంటల బస్సు ఎందుకు మీకు?"

"వాడికి జట్టు దొరికింది. నాకూ ఒకటి ఉండొద్దా ఏంటి?"

వచ్చింది, వేడివేడి పిండివంటతో సహా. ఆరో వరసలో గని కార్మికుల మధ్య కూర్చుంది. మేం నాలుగు రెండుతో గెలిచాం. మూడో గోల్ పడ్డప్పుడు ఆ వరస నుంచి కేక వినబడితే వెనక్కి తిరిగి చూశాను. ఆవిడే, లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి. కొడుకు ఆడిన రోజుల్లో ఆవిడ గొంతు నేనెప్పుడూ వినలేదు.