రెండు పొయ్యిల ఇల్లు

నేను రోట్లో గోంగూర పచ్చడి నూరుతున్నాను. నా భర్త నెహెమ్యా పెరట్లో వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ, మబ్బు పట్టిందని చెప్పినంత మామూలుగా ఒక మాట చెప్పాడు. అయ్యగారితో మాట్లాడేశాడట, వచ్చే నెల నుంచి నేను బడికి రానని చెప్పేశాడట. అయ్యగారంటే మా పాస్టరుగారు. మా మిషన్ బడి ఆయన చేతికిందే నడిచేది. "ఇంట్లో ఇంతమందిమున్నాం. ఆడమనిషి ఇంటి పట్టున లేకపోతే ఎట్టా?" అన్నాడు, పుల్ల చీల్చి నాలుక గీసుకుంటూ. నేను కాక ఆ ఇంటి పట్టున ఇంకో ముగ్గురు ఆడవాళ్ళున్నారు. ఒకరు ఒక పొయ్యి దగ్గర, ఒకరు ఇంకో పొయ్యి దగ్గర, మూడోది జొన్నలు దంచుతూ. వాళ్ళెవరూ ఆయన కంటికి ఆనలేదు. నేను నూరడం ఆపలేదు. జవాబు తరవాత చెప్పొచ్చు. బడి గంట కొట్టేలోపు పద్నాలుగు మంది తినాలి, పచ్చడి ఇంకా మెదగలేదు.

అది నలభై రెండో సంవత్సరం. గురజాల పక్క పల్లె మాది. అప్పటికి మా పెళ్ళై నాలుగు నెలలు. నాకది రెండో పెళ్ళి, ఆయనకీ రెండోదే. నా మొదటి భర్త బాబూరావు ఆ బళ్ళోనే టీచరు. విషజ్వరం వచ్చి నాలుగేళ్ళ కిందట పోయాడు. నలుగురు పిల్లలు, ఆయన తల్లి పోలేరమ్మ, నేను మిగిలాం. టీచరు ట్రైనింగ్ నేను పెళ్ళికి ముందే పూర్తి చేశాను. కానీ ఒక ఇంట్లో ఇద్దరు టీచర్లెందుకని అప్పట్లో నాకు ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన పోయాక ఆయన కుర్చీలోనే నన్ను కూచోబెట్టారు. భర్త ఉండగా అక్కర్లేని చదువు భర్త పోగానే పనికొచ్చింది. మొదటిరోజు ఆ కుర్చీలో కూచున్నప్పుడు నాకు ఏడుపొస్తుందని అందరూ నా మొహంలోకే చూశారు. రాలేదు. నల్లబల్ల మీద మొదటి అక్షరం గుండ్రంగా రాశాను. పైకి చెప్పుకోదగిన మాట కాదు గనక చెప్పుకోలేదు గానీ, ఆ రోజు నన్ను చూసుకుని నేనే గర్వపడ్డాను.

నెహెమ్యా నాపరాళ్ళ గనిలో మేస్త్రీ. చుట్టుపక్కల మా వాళ్ళ సమాధి రాళ్ళన్నీ ఆయన చెక్కినవే. అయినా అక్షరం ముక్క రాదు. ఎవరైనా రాసిస్తే ముగ్గు చూసి ముగ్గు వేసినట్టు చెక్కేవాడు. భార్య పోయిన నెలకి ఒక పలక చంకన పెట్టుకుని బడికొచ్చాడు. దాని మీద 'మాణిక్యమ్మ' అని రాసిచ్చాను. చాలాసేపు దాన్నే చూసి, "ఇందులో ఆమె పేరు ఏడ మొదలైద్ది టీచరమ్మా?" అని అడిగాడు. 'మా' మీద వేలు పెట్టి చూపించాను. అక్కడ తన వేలు పెట్టుకుని, అలాగే నిలబడ్డాడు. ఆ తరవాత రాయి పని వచ్చినప్పుడల్లా పలక తెచ్చేవాడు, ఇదేం అక్షరం, అదేం అక్షరం అని అడిగేవాడు. మూడేళ్ళలో పోయినవాళ్ళ పేర్లతోనే ఆయనకి సగం అక్షరాలు వచ్చాయి.

పెళ్ళి మాట అనుకున్నప్పుడు, పిల్లలకి తల్లి కావాలని ఆయన ఊరంతా చెప్పాడు. ఒంటరి స్త్రీకి అండ దొరికిందని అయ్యగారు ప్రార్థనలో చెప్పారు. నాకు అండ అక్కర్లేదు. జీతముంది, అత్త ఉంది. నాకు ఆ మనిషి కావాలనిపించింది, చేసుకున్నాను. ఆ ఒక్క కారణం మాత్రం ఎవరి నోటా రాలేదు. నన్ను అడిగినవాళ్ళూ లేరు. పెళ్ళికి ముందు ఆయన నన్ను 'మీరు' అనేవాడు, నేను ఆయన్ని 'నువ్వు' అనేదాన్ని. చర్చి మెట్లు దిగేసరికి అవి రెండూ చోట్లు మార్చుకున్నాయి. ఎవరూ నేర్పలేదు, నా నోరే మర్యాద నేర్చుకుంది.

ఆయనకి ఆరుగురు పిల్లలు, నాకు నలుగురు. పెళ్ళి మర్నాడు నా సామానుతో పాటు మా అత్త పోలేరమ్మ కూడా బండెక్కింది. బాప్తిస్మంలో ఆమెకి మార్తమ్మ అని పేరు పెట్టారు గానీ, ఆమే ఆ పేరుకి పలికేది కాదు. నెహెమ్యా తల్లి నాగమ్మ గుమ్మంలో అడ్డంగా నిలబడి, కోడలితో పాటు కోడలి పాత అత్తని తెచ్చుకునే ఆచారం ఏ ఊళ్ళో ఉందో చెప్పమంది. పోలేరమ్మ బండి దిగకుండానే జవాబిచ్చింది: "నా కొడుకు పోయాడు గానీ నా కోడలు పోలేదు. అదేడుంటే నేనాడ." అని, తన మట్టిచట్టి తనే దించుకుని పెరట్లో ఒక మూల చూసుకుని మూడు రాళ్ళు పెట్టి పొయ్యి రాజేసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో రెండు పొయ్యిలు. ఒక పొయ్యి మీద పులుసు ఉడుకుతుంటే రెండో పొయ్యి దగ్గర ముక్కు చిట్లించేవాళ్ళు. నాగమ్మ కారం ఎక్కువ వేసేది, పోలేరమ్మ ఉప్పు తక్కువ వేసేది. ఎవరిది తిన్నా రెండోవాళ్ళకి కోపం. అందుకని పిల్లలు రెండు చోట్లా తినేవాళ్ళు.

ఇంకో చిక్కు ఏమిటంటే, ఆయనకో ఐజాక్ ఉన్నాడు, నాకో ఐజాక్ ఉన్నాడు. ఒకడికి పదకొండు, ఒకడికి పది. పెద్ద ఐజాక్, చిన్న ఐజాక్ అనమన్నాడు ఆయన. కానీ చిన్నవాడైన నా ఐజాక్ వాడికంటే జానెడు పొడుగు. ఎవరు పెద్ద అనే దాని మీద వారం రోజులు కొట్టుకున్నారు. ఆ తరవాత ఇద్దరూ ఒకటైపోయి, పని చెప్పినప్పుడు నన్ను కాదు వాణ్ణని ఒకడి మీద ఒకడు తోసేసి, తినడానికి పిలిస్తే ఇద్దరూ వచ్చేవాళ్ళు. ఊళ్ళోవాళ్ళు మా ఇంటి ముందునుంచి పోతూ ఊరికే ఐజాకూ అని కేకేసి, ఇద్దరు బయటికి వస్తే నవ్వుకునేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ ఇల్లంటే నాకు ఇష్టంగానే ఉండేది. ఆ ఇంటికి నేనంటే ఏమిటన్నదే తెలిసేది కాదు. తెల్లవారకముందు లేచి బడికి పోయేదాకా, బడి నుంచి వచ్చి కళ్ళు మూతలు పడేదాకా అందరికీ నా చేతులు కావాలి. "ఇంతమంది ఆడోళ్ళుండగా నీకేం పనే?" అనేవాడు నెహెమ్యా. నిజంగానే, ఏం మోసం లేకుండా అనేవాడు.

నాకు లొంగనిది ఎలిజబెత్ ఒక్కతే. ఆయన పెద్దకూతురు, పదమూడేళ్ళది. నేను వాళ్ళమ్మ గిన్నె ముట్టుకుంటే లాక్కుని మళ్ళీ తోమేది. నన్ను ఏమనీ పిలిచేది కాదు. మారుతల్లి మీద పగ అని, కొన్నాళ్ళకి సర్దుకుంటుందని అందరూ అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

నెహెమ్యా నా బడి మాన్పించానని చెప్పిన రోజే మధ్యాహ్నం, హాజరుపట్టీ మరిచిపోయి ఇంటికి వచ్చాను. పెరట్లో గోడకవతల ఎవరో కూడబలుక్కుంటూ చదువుతున్నారు. తొంగి చూస్తే ఎలిజబెత్. దంచిన జొన్నలు చేటలో ఉన్నాయి, ఒళ్ళో నా చిన్నకూతురి రెండో వాచకం ఉంది. ఎదురుగా పోలేరమ్మ గోడకి ఆనుకుని వింటోంది. ఒకచోట ఒత్తు దగ్గర ఆగిపోయి, ఇదేందని ఎలిజబెత్ ఆమెనే అడిగింది. నన్నడుగుతావేందే, నాకొస్తే నీ దగ్గరెందుకు కూచుంటానని పోలేరమ్మ విసుక్కుంది. అంతలో ఎలిజబెత్ నన్ను చూసి, పుస్తకం కొంగు కింద దాచి రోకలి అందుకుంది. ఎంతవరకు చదివావని అడిగాను.

"నాలుగులో ఉండగా అమ్మ పోయింది" అంది, తలెత్తకుండా.

అంతే అంది. ఆ ఎండలో నేను బడికి తిరిగి నడుస్తూ ఆ మాటని ఎన్నిసార్లు అనుకున్నానో తెలియదు. అమ్మ పోతే దుఃఖం వస్తుంది. బడి ఎందుకు పోతుంది? మాణిక్యమ్మ చేతిలో రోకలి పదేళ్ళ పిల్ల చేతిలోకి వచ్చింది. ఇప్పుడు నా చేతిలో పెడుతున్నారు. నేను అందుకోగానే ఆ పిల్లకి పెళ్ళి చేసి పంపాలని నాగమ్మ అప్పుడే రెంటచింతలలో సంబంధం కదిలిస్తోంది. అక్కడ ఇంకో రోలు, ఇంకో రోకలి. ఇన్ని చేతులు మారినా అది ఒక్కసారి కూడా మగవాడి చేతిలోకి పోలేదు. ఎలిజబెత్ నాతో పేచీ పడింది వాళ్ళమ్మ గిన్నెల కోసం కాదు. నేను వచ్చినా తన పని తగ్గలేదు, పైగా ఇంకో నలుగురు పిల్లలు ఎక్కువయ్యారు. ఆ పిల్ల కోపం న్యాయమైనది.

ఆ సాయంత్రం అందరూ తిన్నాక నేను చెప్పాను. రేపటి నుంచి ఎలిజబెత్ నాతో బడికి వస్తుంది, నాలుగో తరగతిలో కూచుంటుంది. ఐజాక్‌లిద్దరూ జొన్నలు దంచుతారు. మిగతావాళ్ళు ఇల్లు ఊడవడం, గిన్నెలు తోమడం చూసుకుంటారు. పెద్దవాళ్ళిద్దరూ ఎవరి పొయ్యి మీద వాళ్ళు వండుతూనే ఉన్నారు కదా, ఒకపూట ఒకరు, ఒకపూట ఒకరు వండుతారు. పచ్చళ్ళు నావి. నీళ్ళు తేవాల్సింది నెహెమ్యా. నాగమ్మ నెత్తి కొట్టుకుంది. నెహెమ్యా నవ్వులాటకి అన్నాననుకున్నాడు. గనిలో తన కింద ఇరవైమంది పనిచేస్తారని, బావి దగ్గర ఆడవాళ్ళ మధ్య బిందె పట్టుకుని నిలబడితే ఊళ్ళో తలెత్తుకోలేనని అన్నాడు. అయ్యగారికి మాట ఇచ్చేశానని కూడా అన్నాడు.

"నువ్విచ్చావు, నేనివ్వలేదు" అన్నాను.

ఆ 'నువ్వు' వినగానే ఆయన తలెత్తి చూశాడు. నాకూ వినపడింది. వెనక్కి తీసుకోలేదు. "నేను బడి మాననయ్యా. మానితేనే కాపురమంటే, నా నలుగుర్నీ అత్తనీ తీసుకుని బడి పక్క గదికి పోతా. నువ్వంటే ఇష్టం లేక కాదు. ఇష్టపడే చేసుకున్నా. నన్నడక్కుండా నా మాట నువ్విస్తే ఊరుకోడానికి కాదు చేసుకుంది."

పోలేరమ్మ లేచి, పెరట్లోకి పోయి తన చట్టికున్న బూడిద దులిపి సామాను సర్దడం మొదలుపెట్టింది, తెల్లారేదాకా ఎందుకన్నట్టు. అది చూసి ఆయన ఐజాక్, మరి నా ఐజాక్ కూడా పోతాడా అని నన్నడిగాడు. పోతాడని చెప్పాను. అయితే నేనూ పోతానని వాడు పోయి వాడి దుప్పటి తెచ్చుకున్నాడు. వాణ్ణి చూసి ఇంకో ఇద్దరు లేచారు. నెహెమ్యా తన పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే చూసి, నావైపు చూసి, మంచం వాల్చుకుని అటు తిరిగి పడుకున్నాడు. పోతానన్న మాట బెదిరింపు కాదు. నిజంగా పోవాల్సి వస్తే ఆయన లేకుండా ఎలా ఉంటుందో కూడా నాకు తెలుసు.

పొద్దున నేను లేచేసరికి పెరట్లో బిందెల చప్పుడు. చేంతాడు ఏడ పెట్టారని పోలేరమ్మని అడుగుతున్నాడు ఆయన.

బావి దగ్గర గోవిందయ్య అనే గనిమనిషి, ఏంది మేస్త్రీ, పెళ్ళానికి జబ్బా అని అడిగాడట. జబ్బేం లేదు, బళ్ళో పాఠం చెప్పాలి, మీ వాడికి కూడా ఆమే చెబుతోందిగా అన్నాడట నెహెమ్యా. ఈ సంగతి నాకు ఆయన చెప్పలేదు, గోవిందయ్య భార్య చెప్పింది. చెప్పి, వాళ్ళాయన్ని కూడా రేపటి నుంచి పంపిస్తానని నవ్వింది. పంపలేదనుకోండి. నాగమ్మ మూడు రోజులు అలిగి పొయ్యి ముట్టించలేదు. పద్నాలుగు మందిమీ పోలేరమ్మ చేతి వంటే తిన్నాం. పప్పు బ్రహ్మాండంగా ఉందని పిల్లలు గట్టిగా అన్నారు. నాలుగో రోజు తెల్లారకముందే నాగమ్మ పొయ్యి రాజుకుంది. ఆ కూరలో కారం కూడా తగ్గింది. ఐజాక్‌లు దంచిన జొన్నల్లో మొదటివారం ఊకే ఎక్కువ. తిన్నాం.

ఎలిజబెత్ తొమ్మిదేళ్ళ పిల్లల మధ్య, మోకాళ్ళు గడ్డానికి తగిలేలా కూచుంది. మొదటిరోజు పిల్లలు నవ్వారు. ఆ పిల్ల తల దించలేదు. నేను ఆ పిల్లని ప్రత్యేకంగా ఏమీ చూడలేదు. అందర్నీ అడిగినట్టే పాఠం అప్పజెప్పమన్నాను, తప్పు చదివితే అందరికీ చెప్పినట్టే మళ్ళీ చదవమన్నాను. నాలుగుసార్లు చదివింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను ఆపి, నీ భర్త ఒకవారం ఒకటి చెప్పాడు, ఈ వారం ఇంకోటి చెప్పాడు, అసలు సంగతేమిటని అడిగారు. ఈసారి నన్నే అడగండి అయ్యగారూ అన్నాను. ఆయన సరే, అడుగుతున్నానన్నారు. నేను మాననని చెప్పాను. ఏడేళ్ళు ఓపిక పడితే మా ఇంటి నుంచి ఇంకో టీచరు కూడా వస్తుందని చెప్పాను. ఆయన నవ్వారు.

సరిగ్గా ఏడేళ్ళే పట్టింది. ఎనిమిదో తరగతి పాసై, రెండేళ్ళు ట్రైనింగ్ పూర్తి చేసి, నలభై తొమ్మిది జూన్‌లో రొంపిచెర్ల దగ్గర ఒక పల్లెలో ఎలిజబెత్‌కి ఉద్యోగం వచ్చింది. బస్సు దగ్గరికి అందరం వెళ్ళాం. అందరికంటే ముందు నాగమ్మ నడిచింది, ఎదురైన ప్రతివాళ్ళకీ మనవరాలి ఉద్యోగం గురించి చెబుతూ. నెహెమ్యా ట్రంకుపెట్టె బస్సు మీదికెక్కించి, దాని మీద తన చేత్తో రాసిన కూతురి పేరు మళ్ళీ ఒకసారి చదువుకుని దిగాడు. ఎలిజబెత్ కిటికీ పక్కన కూచుని, కొంగు సర్దుకుని, ముందుకి చూస్తోంది. బస్సు కదిలింది. ఒక్కసారైనా వెనక్కి తిరగలేదేమని నాగమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు మాత్రం ఆ తిరగని తల చూస్తుంటే ఒళ్ళంతా గర్వంగా అనిపించింది. వెనక ఆ పిల్ల కోసం కాచుకున్న పని ఏదీ లేదు.