గిర్ని మోతల నిలవడ్డ గొంతు

ఇప్పుడు మానుకోటల ఫోన్ కొనుడంటే ఏమున్నది, కొనేటోడే దుకాణపోళ్లకు పాఠం చెప్పి పోతున్నడు. యాభై మెగాపిక్సెలా, నూటెనిమిదా, స్క్రీన్ ఎంత, బ్యాటరీ ఎంత, అన్నీ యూట్యూబ్‌ల చూసుకోని వస్తడు. సుభాషిణి కౌంటర్ ఎనుక కూసోని అన్నింటికి తలకాయ ఊపుతది. ఊపి ఊపి, పాత ఫోన్ చేతికి తీసుకునేముందు మాత్రం ఒక్కటే అడుగుతది. "దీంట్ల ఎవలి గొంతన్న ఉన్నదా? మంచిగ సూసుకో." పొల్లగాండ్లు నవ్వుతరు. నవ్వనియ్యి, వాళ్లకేం తెలుసు. ఆ మాట ఆమె నోటికి ఎట్ల వచ్చిందో తెలువాల్నంటే తెలంగాణ కోసం చేసిన సకలజనుల సమ్మె నాటికి పోవాలె.

గప్పుడు వాళ్లది సగం ఫోన్ల దుకాణం, సగం గిన్నెల దుకాణం. గిన్నెల సగం మామ సోమయ్యది, తాతలనాటిది. ఫోన్ల సగం సుభాషిణిది. భర్త జగపతి హైదరాబాద్ పోయి మాల్ తెచ్చుడు వరకే, అమ్ముడంతా ఆమెదే. ఏ ఫోన్ మంచిదో చెప్పుమంటే కంపెనీ కాగితం చదివే రకం కాదామె. ఆమెకు మూడు పరీక్షలుండె.

ఒకటి, ఎర్ర జాకెట్ ముక్క. దుకాణం ముందు మొలకు తగిలిచ్చి ఉండేది. దాన్ని ఫోటో తీసి చూసేది. ఎరుపు ఎరుపుగ వచ్చిందా, కెమెరా నిజం చెప్తున్నట్టు. నారింజ రంగుకు తిరిగిందా, పక్కకు పెట్టేసేది. రెండోది ఎండ. పట్టపగలు నడి రోడ్డు మీద నిలవడి, చెయ్యి అడ్డం పెట్టకుంట స్క్రీన్ మీది నంబర్ చదువాలె. మూడోది అన్నింటికన్న పెద్దది, పక్కనే ఉన్న పిండిగిర్ని. గిర్ని నడుస్తుంటె దాని గడప కాడ నిలవడి మాట్లాడాలె. అవతలి మాట వినవడ్తెనే ఆ ఫోన్ రోజు పనికి అక్కరకొస్తదని లెక్క. "కంపెనోళ్లు ఏమన్న రాసుకోనీ, గిర్ని ముందు అందరు ఒక్కటే" అనేది సుభాషిణి. ఆ మాట మీద బజారంత నమ్మకం.

సమ్మె మొదలై పది దినాలైంది. బస్సుల్లేవు, బడుల్లేవు, బొగ్గుబాయిలు బంద్. అట్లాంటి దినాన హీర్యా వచ్చిండు. మానుకోట పక్క తండా అతనిది, పని భూపాలపల్లి బాయిల. బిడ్డ సంగీత పెండ్లి కార్తీకంల పెట్టుకున్నడు. పెండ్లి ఫోటోలు తన చేత్తోనే తియ్యాల్నని ఆశ. పాత ఫోన్‌ల తీస్తే మనుషులు దయ్యాల లెక్క పడ్తున్నరని నవ్వుకుంట చెప్పిండు.

సుభాషిణి మూడు ఫోన్లు ముంగట వెట్టింది. మొదటిది టచ్ ఫోన్, అరచెయ్యంత స్క్రీన్, లోపల చూస్తే మెరుపే మెరుపు. ఎండలకు తెస్తే నల్లగైపోయింది. పైంగ హీర్యా వేలు దానికి ఆననే లేదు. ఇరువై ఏండ్ల సంది బొగ్గు తోడి కాయలు గాసిన వేలు, ఎంత ఒత్తినా ఆ ఫోన్ ఉలకలే పలకలే. రెండోది జరిపితే బటన్లు బయటికొచ్చేది. జాకెట్ ముక్క ఎరుపు ఉన్నదున్నట్టు వచ్చింది, ఎండల నంబర్ కనవడ్డది, గిర్ని ముందు సగం మాట వినవడ్డది. మూడోదానికి టార్చి ఉన్నది, వారం దినాలు చార్జింగ్ ఉన్నది, కెమెరా మాత్రం లేదు. పెండ్లి ఫోటోలకు వచ్చినోనికి కెమెరా లేని ఫోన్ ఎందుకు. రెండోదే ఖాయం చేసుకున్నడు.

చేసుకోని, ఎందుకో నవ్విండు. "సేటమ్మా, గిర్ని ముందైతే నా పాతదే గెలుస్తది, వింటవా" అని పాత ఫోన్ తీసి గిర్ని గడప మీద పెట్టి బటన్ ఒత్తిండు.

ముసలామె గొంతు. పాటా అంటే పాట కాదు, ఏడుపా అంటే ఏడుపు కాదు. లంబాడి మాటలు సుభాషిణికి ఒక్క ముక్క తెలువదు, అయినా చేతులున్న గుడ్డ అట్లనే పట్టుకోని నిలవడ్డది. గిర్ని గడగడ కొట్టుకుంటున్నది, ఆ గొంతు దాని మీదికెళ్లి పోతున్నది. గిర్ని నడిపేటాయన పిండి మొకంతోని బయటికి తొంగి చూసిండు.

అది హీర్యా తల్లి కమ్లీ గొంతు. బాయిల దిగేటప్పుడు ఫోన్ తీస్కపోనియ్యరు గద, అందుకే అతని ఫోన్ పొద్దంత క్వార్టర్‌ల తల్లి కాడనే ఉండేది. ముసల్ది ఒక్క బటన్ ఒత్తుడు నేర్సుకున్నది. పెండ్లి పిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తల్లిని పట్టుకోని, తండ్రిని పట్టుకోని, ఒక్కొక్కల మెడల మీద పడి రాగం తీసి ఏడుస్తది, దాన్ని ఢావ్లో అంటరు. సంగీత హాస్టల్లల్ల చదివి, క్వార్టర్లల్ల పెరిగిన పిల్ల. దానికి ఢావ్లో రాదు. ఆ దినం దాక నేనుంటనో లేనో అని కమ్లీ ఒకనాడు పొద్దుగాల కూసోని, తనే పెండ్లి పిల్లైనట్టు మొత్తం ఏడ్సి ఫోన్‌ల దాసిపెట్టింది. ఉగాది ముంగట కన్ను మూసింది. ఇగ తండాల అంత గట్టిగ తెలిసినోళ్లు లేరు. ఈ కాలం పెండ్లిండ్లల్ల పిల్లలు డీజే పాటల నడుమనే బండెక్కుతున్నరు. కమ్లీ అట్ల కావొద్దనుకున్నది.

ఇదంత సుభాషిణి విన్నది, కండ్లు తుడుసుకున్నది. పాత ఫోన్ మార్పిడికి తీసుకోని, దాంట్ల ఉన్న మెమరీ కార్డు తీసి కొత్తదాంట్ల ఏసింది, అన్నీ దీంట్లకొచ్చినయన్నది. హీర్యా సంబురంగ పోయిండు.

ఇగ ఆ ఇంటి ఆచారం ఒకటి చెప్పాలె. పాత ఇత్తడి చెంబులు, గిన్నెలు మార్పిడికి వస్తె వాటి మీద ఇంటోళ్ల పేర్లు కొట్టి ఉంటయి. సోమయ్య పొద్దుగూకి దీపం పెట్టేలోపు ఆ పేర్లన్నీ గీకి పెట్టేటోడు. ఒకలింటి పేరు ఇంకొకలింటికి పోవద్దు, రాత్రి మన చూరు కింద ఉండొద్దు అని. సుభాషిణి అదే పద్ధతి ఫోన్లకు పట్టుకున్నది. మార్పిడికి వచ్చిన ఫోన్‌ల పరాయోళ్ల ఫోటోలు, మాటలు ఉండొద్దని దీపం పెట్టకముందే మొత్తం తుడిచేసేది. ఆనాడు కూడ తుడిచేసింది.

నాలుగు దినాలకు హీర్యా మళ్ల వచ్చిండు. కార్డుల పాటలన్నీ ఉన్నయి, కమ్లీ లేదు. ఆ ఫోన్ గొంతును కార్డుల దాసుకోలేదు, తన కడుపులనే దాసుకున్నది. తను తుడిచింది ఆ గొంతునే అని సుభాషిణికి అప్పుడు ఎలిగింది. హీర్యా తిట్టలే, కొట్టలే. తిట్టినా బాగుండు. స్టూల్ మీద కూసోని, పెండ్లికి ఇంక నెలన్నరనే ఉన్నదని మెల్లగ అన్నడు.

అతను పోయినంక సోమయ్య తన గిన్నెల నడుమ కూసోనే అన్నడు. "నేను గీకెటప్పుడు ఇంటోళ్లను పిలిచి అడిగేటోన్ని బిడ్డా. ఈ పేరు మీ తల్లిదా, తీసెయ్యాల్నా, చెంబు వాపస్ తీసుకుంటరా అని. నువ్వు గీకుడు నేర్సినవ్, అడుగుడు నేర్వలే."

ఆ పొద్దు నుంచి సుభాషిణి, కమ్లీ గొంతు దొరికేదాక ఏ పాత ఫోన్‌ను తుడువనని ఒట్టు పెట్టుకున్నది. మామను అడిగి పాత ఇత్తడి గంగాళం తెచ్చుకోని, వచ్చిన పాత ఫోన్లన్నీ దాంట్లనే ఏసింది. రీచార్జికి ఎవలొచ్చినా అడుగుడే. భూపాలపల్లి దిక్కు పోయినవా, సమ్మె టెంట్ల కాడ ఎవలన్న లంబాడి ముసలామె పాట ఎక్కిచ్చుకున్నరా? జనం ఈమెకు పిచ్చి లేసిందనుకున్నరు.

అడుగుడుకు కారణమున్నది. సమ్మె మొదట్ల రోడ్డు మీద వంటావార్పు చేసినప్పుడు హీర్యా ఆ పాట టెంటుల వినిపిచ్చిండు. నలుగురైదుగురు బ్లూటూత్ పెట్టుకోని ఎక్కిచ్చుకున్నరు. ఇప్పుడు అడుగుతె, జాగ సాలక తీసేసినమనే అన్నరు అందరు. వేరే ఊరి టెంటులకు మద్దతు చెప్పనీకి పోయినప్పుడు వాళ్లల్ల ఒకలు అక్కడ కూడ వినిపిచ్చినట్టు ఒకాయనకు యాదికున్నది. ఏ ఊరో మాత్రం యాదికి లేదు.

సుభాషిణి చెల్లె వినీత ఉండేది జనగామల. అక్క తన బాధ ఆమెకు రోజు ఫోన్‌ల చెప్పుడే. సద్దుల బతుకమ్మనాడు వినీత అక్కడి సమ్మె టెంటు కాడికెళ్లి ఫోన్ చేసింది. వినుమని ఫోన్ మైకు దిక్కు చాపింది. చప్పట్లు వినవడ్తున్నయి, ఆడోళ్ల మాటలు వినవడ్తున్నయి, మెల్లగ అన్నీ ఆగినయి. ఆ నిమ్మలంల కమ్లీ గొంతు లేసింది. మైకుల నుంచి వచ్చి, వినీత ఫోన్‌ల దూరి, ఇక్కడ ఈమె చెవుల వడ్డది. గిర్ని ముందు విన్న గొంతును ఎట్ల మరుస్తది. సుభాషిణి కౌంటర్ మీద తల పెట్టుకోని ఏడ్సింది.

దసరా దాటినంక రైళ్లు నడుస్తున్న దినం చూసుకోని ముగ్గురు బయిలెల్లిండ్రు. హీర్యా, సుభాషిణి, తోడుకు సోమయ్య. కాజీపేటల దిగి రైలు మారి జనగామ చేరేసరికి పగటాల్లైంది. టెంటు కాడ మైకుసెట్టు నడిపే హరీశ్ సల్లటి మనిషి. భూపాలపల్లోళ్లు వచ్చినప్పుడు ఈ పాట విన్నడట, మనసున వడ్డదట. అతని ఫోన్‌ల బ్లూటూత్ లేదు. అందుకని వాళ్ల ఫోన్ పక్కన తన ఫోన్ పెట్టి రికార్డ్ చేసుకున్నడు. భాష తెలువకపాయె. తెలంగాణ కోసం పానం తీసుకున్న పిల్లల మీద ఎవలో తల్లి ఏడుస్తున్నదనుకున్నడు. ఈ పాట పెడ్తే చాలు, బతుకమ్మ ఆడే ఆడోళ్లు చప్పట్లు ఆపి ఏడికాడ కూసుంటున్నరని చెప్పిండు.

పెండ్లి పాట అని సోమయ్య చెప్పబోతె హీర్యా చెయ్యి పట్టి ఆపిండు. "ఉండనీ సేటు. మా యాడి, మా అమ్మ, ఏడ్సింది ఒక పిల్ల కోసమే, వీళ్లూ పిల్లల కోసమే ఏడుస్తున్నరు."

పాట మొదటి నుంచి పెట్టిండ్రు. ఎనుక వంట గిన్నెల చప్పుడు, ఎవలిదో దగ్గు, నడుమ కమ్లీ. హీర్యా కండ్లు మూసుకోని విన్నడు. సగం కాడ జై తెలంగాణ అని నినాదం గట్టిగ లేసింది, అంతే, తెగిపోయింది. ఆనాడు ఊరేగింపు వచ్చిందని, ఫోన్ తీసుకోని లేసిన అని హరీశ్ తప్పు చేసినోని లెక్క చెప్పిండు. తల్లిని పట్టుకోని ఏడ్సేది మొత్తం ఉన్నది. తండ్రిని పట్టుకోని ఏడ్సేది మొదలుగాలేదు.

"నా వంతు పోయింది" అన్నడు హీర్యా.

హరీశ్ కార్డు తీసి ఇచ్చిండు. సుభాషిణి దాన్ని కొంగుకు ముడేసుకోని వచ్చి, కంప్యూటర్‌ల ఎక్కిచ్చింది, మూడు ఫోన్లల్ల దాసింది. సంగీత నెల దినాలు ఆ ఫోన్ చెవికి పెట్టుకోని, వంట కాడ, నీళ్ల బాయి కాడ, నాయనమ్మ, అదే దాదీ, ఎట్లంటె అట్ల అనుకుంట నేర్సుకున్నది. మిగిలిన సగం కోసం ఇంక పది ఊర్లల్ల అడిగిండ్రు. దొరకలే.

కార్తీకంల పెండ్లి. సుభాషిణి తండాకు పోయింది. ఫోటోలు నువ్వే తియ్యాల్నని హీర్యా కొత్త ఫోన్ ఆమె చేతికిచ్చిండు. పిల్లను సాగనంపే గడియ వచ్చింది. సంగీత తల్లి మంగ్లీ మెడ మీద పడి ఢావ్లో ఎత్తుకున్నది. మొదట గొంతు వణికింది, తర్వాత నిలవడ్డది. ముసలోళ్లు నోటి మీద చెయ్యేసుకున్నరు, కమ్లీనే లేసొచ్చినట్టున్నదని. తల్లి వంతు అయిపోయింది. పిల్ల తండ్రి ముంగటికొచ్చి ఆగింది. పాట ఇక్కడికే ఉన్నదని తండా మొత్తానికి తెలుసు. హీర్యా తల దించుకోని నిలవడ్డడు. సుభాషిణి ఫోన్ ఎత్తి పట్టుకున్నది. నేను తుడవకపోతె ఈ పిల్లకు ఈ మూగతనం రాకపోవు అని లోపల కుమిలిపోయింది.

సంగీత తండ్రి మెడల రెండు చేతులేసింది. రాగం దాదీదే. మాటలు మాత్రం ఎవ్వలు వినని మాటలు. సుట్టూ ఉన్న ఆడోళ్లు ఒక్కసారి గొల్లుమన్నరు. హీర్యా ఇంతెత్తు మనిషి, బిడ్డ భుజం మీద తలపెట్టి పిల్లగాని లెక్క ఏడ్సిండు.

బండి పోయి, దుమ్ము ఆగినంక, సుభాషిణి అతని పక్కన పోయి కూసున్నది. పిల్ల ఏమన్నదని అడిగింది.

"ఏమన్నదంటె చెల్లె... బాపూ, దాదీ ఏడుపు భూపాలపల్లిల పుట్టింది, మానుకోటల పోయింది, జనగామల దొరికింది. మొకం తెలువనోళ్లు దాసిపెట్టి ఇచ్చిండ్రు. నేను పోయేది ఒక్క ఊరికే, నేనేడ పోత, నువ్వు ఏడ్వకు అన్నది."

అప్పటిదాక సేటమ్మా అన్న మనిషి చెల్లె అన్నడు. సుభాషిణి చేతులున్న ఫోన్ చూసుకున్నది. ఫోటో తీద్దామని ఎత్తి, ఏ బటన్ ఒత్తిందో ఏమో, మొత్తం వీడియో తీసింది. పిల్ల ఓణీ ఎరుపు ఉన్నదున్నట్టు వచ్చింది, గొంతు వచ్చింది, తండ్రి వంతు మొదటి నుంచి చివరిదాక వచ్చింది. అది ఫోన్‌ల వడ్డదా, కార్డుల వడ్డదా అని మూడుసార్లు చూసి, హీర్యాకు కూడ చూపిచ్చి, అప్పుడు ఇచ్చింది.